తెల్ల పొడి లెక్క

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫార్ములా చూశాను. నూరు పాళ్ల ఎస్‌బీఆర్‌కి, అంటే ఆ కృత్రిమ రబ్బరుకి, నూరు పాళ్ల చాక్ పౌడర్ వేస్తే ఖర్చు సగానికి దిగుతుందని సంబరపడుతున్నావు. ముందు ఆ సంగతి తేలుద్దాం.

రబ్బరు కిలో 200, చాక్ కిలో 10 అనుకో. కలిపితే కిలో 105 పడుతుంది, నిజమే. కానీ నువ్వు కొనేది తూకం లెక్కన, అమ్మేది గ్యాస్కెట్ల లెక్కన, అంటే కీళ్లలో కారకుండా వేసే రబ్బరు ముక్కల లెక్కన. అచ్చులో ఎంత పడుతుందన్నది ఘనపరిమాణం లెక్క, తూకం కాదు. రబ్బరు సాంద్రత 0.94, చాక్‌ది 2.7. కలిపిన కాంపౌండ్ 1.39 దాకా పోతుంది, ముక్క బరువెక్కుతుంది. లీటరుకి చూస్తే 188 రూపాయలు కాస్తా 146 అవుతుంది. మిగిలేది ఐదో వంతు, పైన కొంచెం. అదే ధరకి మన మంగంపేట గనుల బెరైటీస్ ఖనిజం పొడి దొరికినా దాని సాంద్రత 4.5 కాబట్టి మిగులు ఇంకా తగ్గుతుంది. చప్పుడు ఆపే షీట్లలాగా బరువే కావాల్సిన సరుకుకైతే అది బంగారం. నీ గ్యాస్కెట్‌కి ఎందుకు?

ఇక బలం సంగతి. సహజ రబ్బరు సాగదీస్తే తనంతట తానే స్ఫటికాలు కట్టి గట్టిపడుతుంది. ఎస్‌బీఆర్‌కి ఆ గుణం లేదు. ఫిల్లర్, అంటే కలిపే పొడి, లేని ముక్క రెండు మూడు మెగాపాస్కల్స్ లాగుడుకే తెగి చేతికొస్తుంది. దాన్ని నిలబెట్టాల్సింది పొడే, అదీ సన్నదైతేనే. పది మైక్రాన్ల రేణువు రబ్బరులో బెడ్డలాంటిది, చిరుగు అక్కడే మొదలవుతుంది. ఒక మైక్రాన్ లోపు హార్డ్ క్లే, అంటే సన్నటి బంకమట్టి పొడి, కొంత సాయం చేస్తుంది. అసలు బలం ద్రావణంలోంచి పేరబెట్టి తీసే ప్రెసిపిటేటెడ్ సిలికాది, దాని మూలకణం 20 నానోమీటర్ల లెక్కలో ఉంటుంది.

సిలికా అంటే అందరికీ మోజే, దాని పొగరు మాత్రం నేను అనుభవించాను. కొత్తలో ఒక వానాకాలం, మూతి కట్టని సంచిలోంచి తీసి నలభై పాళ్లు వేశాను. ప్రెస్ తెరిస్తే వాషర్లు ఉబ్బి ఉన్నాయి. బ్లేడుతో కోసి చూశాను, లోపలంతా పులిసిన పిండిలా బెజ్జాలు. గోరు గుచ్చితే దిగబడుతోంది, క్యూర్ కాలేదు, అంటే వేడికి రబ్బరు గట్టిపడలేదు. సిలికా పైపొర గాలిలో తేమనీ లాగుతుంది, క్యూర్‌ని త్వరపెట్టడానికి మనం వేసిన యాక్సిలరేటర్‌నీ పట్టేసుకుంటుంది. అందుకే దాని బరువులో 5 నుంచి 8 శాతం డీఈజీ (డైఇథిలీన్ గ్లైకాల్) సిలికాతో పాటే మిల్లు మీద వెయ్యి, జింక్ ఆక్సైడ్ చివర్లో వెయ్యి. క్లేకీ ఆమ్లగుణం ఉంది, అదీ క్యూర్‌ని నిదానం చేస్తుంది. పాళ్లు మార్చిన ప్రతిసారీ క్యూర్ తీరు కొలిచే రియోమీటర్ చూడకుండా ప్రెస్ ఎక్కించకు.

సిలికాని రబ్బరుకి అతికించే సైలేన్ రసాయనం వేయమని ఎవరో చెప్పారన్నావు. 1990ల మొదట్లో మిషెలిన్ వాళ్లు కారు టైరు ట్రెడ్‌లో సిలికాతో నెగ్గారంటే దాని చలవే. కానీ గంధకం ఉన్న సైలేన్ సిలికాకి అతుక్కోవాలంటే మిక్సింగ్‌లోనే 140 నుంచి 155 డిగ్రీలు రావాలి, 160 దాటితే స్కార్చ్ భయం, అంటే అచ్చుకి వెళ్లక ముందే గట్టిపడుతుంది. నీది ఓపెన్ మిల్లు, అంత వేడి నిలకడగా పట్టలేదు. క్లోజ్డ్ మిక్సర్ కొన్నాక చూద్దాం.

ప్రస్తుతానికి ఇరవై ఐదు పాళ్లు సిలికా, ముప్పై పాళ్లు హార్డ్ క్లేతో చిన్న బ్యాచ్ తీసి చూడు. చాక్ మానేయమంటున్నది బలం కోసం ఒక్కటే కాదు, నీ గ్యాస్కెట్లు వెళ్లేది ఆమ్లం పారే పైపుల కీళ్లకి కదా! అక్కడ చాక్ కరిగిపోతుంది. క్లే పేరుతో చాక్ కలిపి అంటగట్టే వాళ్లూ ఉంటారు. సంచి దిగగానే చిటికెడు పొడి గాజు పళ్లెంలో వేసి, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వదులు. బుస్సుమని నురగ వస్తే ఆ లారీని గేటు దాటనివ్వకు.

మీ మావయ్య