నాన్న పేరిట మీటరు, మేడ మీద సోలార్: సబ్సిడీ ఎవరి ఖాతాలో పడుతుంది?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. ఇల్లు, కరెంటు సర్వీసు రెండూ చనిపోయిన మా నాన్నగారి పేరిటే ఉన్నాయి. వీలునామా రాయలేదు. ఇంట్లో అమ్మ, నేను, నా భార్యాపిల్లలు ఉంటున్నాం. అన్నయ్య ఒంగోలులో, అక్క కందుకూరులో స్థిరపడ్డారు. నెలకు 350 యూనిట్ల దాకా కాలుతోంది. మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామని ఒక వెండర్‌ను అడిగితే జీఎస్టీ కాక 1,80,000 రూపాయలన్నాడు. మీటరు పేరు సంగతి తనే చూసుకుంటాడట. సబ్సిడీ పడగానే తీసుకోవడానికి సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇమ్మంటున్నాడు. బ్యాంకు లోను వస్తుందా? అమెరికాలో ఉన్న మా మేనల్లుడు దీనికి ఇన్‌కం టాక్స్ తగ్గుతుందంటున్నాడు, నిజమేనా? కింద చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది, దానికి వేరే మీటరు. షాపుకు కూడా ఈ కరెంటు వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ముందు చెక్కు సంగతి. ఇవ్వకండి. అంకె వేయకుండా సంతకం పెట్టి ఇచ్చిన చెక్కును పుచ్చుకున్నవాడు పూర్తి చేసుకున్నా అది చెల్లుబాటయ్యే చెక్కే. సంతకం మీదేనని తేలితే చాలు, బాకీ ఉన్నట్టే కోర్టు భావిస్తుంది. లేదని చూపించుకునే భారం మీ నెత్తిన పడుతుంది. ఖాళీ చెక్కుల విషయంలో 2019లో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. ‘పీఎం సూర్యఘర్’ పథకం కింద కేంద్రం ఇచ్చే 78,000 సబ్సిడీ కోసం ఇచ్చిన కాగితం మీద రెండు లక్షలు వేసి బౌన్స్ చేయిస్తే, చెక్కు బౌన్స్ కేసులో (138వ సెక్షన్) వాయిదాలకు తిరగాల్సింది మీరే.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. సబ్సిడీకి ఆ పథకం పోర్టల్‌లో చెక్కు అప్‌లోడ్ చేయాల్సిన మాట నిజమే. అది అడ్డంగా రెండు గీతలు గీసి ‘క్యాన్సిల్డ్’ అని రాసిన చెక్కు. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, ఖాతాదారు పేరు కనిపించడానికే అది, దాని మీద సంతకం అక్కర్లేదు. వెండర్ ‘చెక్కు కావాలండీ’ అన్నప్పుడు ఏ చెక్కు అడుగుతున్నాడో చూసుకోండి.

ఇక అసలు చిక్కు పేరు దగ్గరుంది. ‘పీఎం సూర్యఘర్’ పథకంలో దరఖాస్తు కరెంటు సర్వీసు నంబరుతో మొదలవుతుంది, డబ్బు బ్యాంకు ఖాతా దగ్గర ముగుస్తుంది. ఈ రెండు చోట్లా పేరు ఒకటే ఉండాలి. పేరు తను చూసుకుంటానన్న వెండర్ చేసేది సాధారణంగా ఒకటే: మీ నాన్నగారి పేరుతోనే నమోదు చేసి మీ ఫోన్ నంబరు ఇస్తాడు. ప్యానెళ్లు ఎక్కుతాయి, నెట్ మీటరు (మీరు వాడిన కరెంటునూ, లైనుకు పంపిన కరెంటునూ లెక్కపెట్టేది) కూడా రావచ్చు. ఆఖర్న ఖాతా వివరాల దగ్గర బండి ఆగిపోతుంది. అప్పటికి అతని డబ్బు అతనికి ముట్టి ఉంటుంది, ఆగింది మీ 78,000. పైగా లేని మనిషి పేరిట ఆన్‌లైన్‌లో ఒప్పుకోళ్లు ఇచ్చిన తప్పు మీ మెడకు చుట్టుకుంటుంది. లోను సంగతీ ఇంతే. అప్పు ఒకరి పేరిట, కరెంటు బిల్లు ఇంకొకరి పేరిట ఉంటే బ్యాంకు ఫైలు పక్కన పెడుతుంది.

కాబట్టి సోలార్ కంటే ముందు సర్వీసు పేరు మార్పించండి. కావలి ఎస్పీడీసీఎల్ అనే కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) కింద ఉంది కనుక సెక్షన్ ఆఫీసులోనో వార్డు సచివాలయంలోనో దరఖాస్తు ఇవ్వొచ్చు. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తాజా ఇంటి పన్ను రసీదు, మీ ఆధార్, మిగతా వారసుల సమ్మతి పత్రం జత చేయాలి. బిల్లు బకాయి ఒక్క రూపాయి కూడా ఉండకూడదు. కాగితాలన్నీ సరిగా ఉన్న దరఖాస్తు మీద 7 రోజుల్లో పేరు మార్చాలని విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలున్నాయి. ఆలస్యమయ్యేది అక్కడ కాదు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం దగ్గర. దాన్ని ముందే పెట్టుకోండి.

సమ్మతి ఎవరెవరిది? మీరు హిందువులైతే, వీలునామా లేకుండా పోయిన తండ్రి సొంత ఆస్తిలో తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. అంటే మీ నలుగురికీ తలా పావు. ‘అక్క పెళ్లై వెళ్లిపోయింది కదా’ అని ఆమె సంతకం వదిలేసే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. పెళ్లితో ఆమె వాటా ఎక్కడికీ పోదు. సమ్మతి పత్రంలో రాయాల్సింది ఇంతే: “మా తండ్రిగారి పేరిట ఉన్న ఫలానా నంబరు గృహ విద్యుత్ సర్వీసును ఆ ఇంట్లో నివసిస్తున్న మా తమ్ముడి పేరిట మార్చుటకు, డాబాపై అతను సొంత ఖర్చుతో 3 కిలోవాట్ల సోలార్ ప్లాంటు అమర్చుకొనుటకు మాకు అభ్యంతరం లేదు. ఆ పరికరాలు అతనివి, వాటిని విప్పి తీసుకొను హక్కు అతనికి గలదు.” అమ్మగారి పత్రంలో తమ్ముడు అన్నచోట కుమారుడు అని మార్చండి. వాటాల మాట ఒక్క ముక్క కూడా ఇందులో పెట్టొద్దు. ఇల్లు ఎవరికి ఎంత అని రాసిన క్షణాన అది పంపకం పత్రమై రిజిస్ట్రేషన్ అడుగుతుంది. రిజిస్టర్ చేయకపోతే రేపు కోర్టులో ఆ కాగితం పనికిరాదు. సర్వీసు పేరు మారినంత మాత్రాన ఇల్లు మీది కాదనే సంగతి అన్నయ్యకు, అక్కకు ముందే చెప్పండి. సంతకానికి వెనకాడేది ఎక్కువగా ఆ భయంతోనే.

అమ్మగారి పేరిట మారిస్తే తేలిక కదా అంటారేమో. పేరు మార్పిడికి తేలికే. కానీ అప్పుడు లోను, సబ్సిడీ ఖాతా కూడా ఆమె పేరిటే ఉండాలి, లోనుకు బ్యాంకు వయసు చూస్తుంది. కట్టేది మీరు కాబట్టి మీ పేరే మంచిది.

ఇప్పుడు లెక్క. ముందుగా కొటేషన్‌లో జీఎస్టీ చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పరికరాలూ బిగింపూ కలిపిన కాంట్రాక్టులో 70 శాతం విలువను వస్తువుగా, 30 శాతాన్ని 18 శాతం పన్ను పడే సేవగా లెక్కిస్తారు. రెండూ కలిపితే 8.9 శాతం. పాత లెక్క 13.8. మీ 1,80,000 మీద ఇప్పుడు పడాల్సింది 16,020, మొత్తం 1,96,020. పాత రేటు వేసి ఉంటే 8,820 ఎక్కువ అడుగుతున్నట్టే.

కేంద్ర సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000. అంతకంటే పెద్ద ప్లాంటు పెట్టినా అంతే. బీసీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 10,000 అదనంగా ఇస్తామని మన రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మీకు వర్తించేటట్లయితే సెక్షన్ ఆఫీసులో అడిగి తేల్చుకున్నాకే లెక్కలో కలపండి. సబ్సిడీ ప్లాంటు నడవడం మొదలై, డిస్కం తనిఖీ చేసి, కమిషనింగ్ రిపోర్టు ఎక్కించాకే వస్తుంది. అందుకని డబ్బు ఏర్పాటు మాత్రం పూర్తి 1,96,020కి చేసుకోవాలి.

బ్యాంకు లోను వస్తుంది. 3 కిలోవాట్ల వరకు 2 లక్షల దాకా హామీ, తనఖా లేకుండా, రెపో రేటుకు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) అర శాతం కలిపిన వడ్డీకి ప్రభుత్వ బ్యాంకులు ఇస్తున్నాయి. జన్‌సమర్థ్ పోర్టల్ ద్వారా దరఖాస్తు. పదో వంతు మీ చేతి నుంచి పెట్టుకోవాలి. అలా మీరు సుమారు 20,000 పెట్టి 1,76,000 లోను తీసుకున్నారనుకుందాం. వడ్డీ 6 శాతం, గడువు పదేళ్లు అయితే నెల వాయిదా 1,954. సబ్సిడీ 78,000 లోను ఖాతాలో జమై 98,000 మిగిలితే, అదే పదేళ్లకు వాయిదా దాదాపు 1,090. అయితే ఆ జమ తర్వాత వాయిదా దానంతటది తగ్గుతుందని అనుకోకండి. మీరు అడగకపోతే బ్యాంకు వాయిదా అలాగే ఉంచి గడువు తగ్గించవచ్చు. ఏది కావాలో లిఖితపూర్వకంగా చెప్పండి. రెపో కదిలితే వడ్డీ కదులుతుంది. వ్యక్తులు సొంతానికి తీసుకున్న ఇలాంటి ఫ్లోటింగ్ రేటు అప్పును ముందే తీర్చేసినా జరిమానా ఉండదు.

బిల్లు వైపు చూస్తే, 350 యూనిట్లకు శ్లాబుల ప్రకారం కరెంటు ఛార్జీ ఒక్కటే దాదాపు 2,111 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం. అందులో 225 దాటిన 125 యూనిట్లకే, యూనిట్‌కు 8.75 చొప్పున, 1,094 పోతోంది. 3 కిలోవాట్ల ప్లాంటు నెలకు 300 నుంచి 350 యూనిట్లు తీస్తుంది. వాయిదా ఆ డబ్బులోంచే వెళ్లిపోతుంది.

వెండర్ తనే ఫైనాన్స్ కంపెనీ మనిషిని వెంటబెట్టుకొస్తే, సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడిగి తీసుకోండి. అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది వడ్డీ అందులో ఒకే అంకెగా ఉండాలి. దాన్ని బ్యాంకు రేటు పక్కన పెట్టి చూడండి.

ఇన్‌కం టాక్స్ సంగతి క్లుప్తంగా: మన దేశంలో ఇంటి సోలార్‌కు అలాంటి మినహాయింపు లేదు. మీ మేనల్లుడు చెప్పింది అమెరికా చట్టంలోని 30 శాతం టాక్స్ క్రెడిట్. అదీ 2025 డిసెంబర్ 31 తర్వాత పెట్టిన ఖర్చుకు అక్కడ లేదు. సొంతింటి అవసరానికి వచ్చిన సబ్సిడీని మీరు ఆదాయంగా చూపక్కర్లేదు. వ్యాపార ఆవరణలో పెట్టిన సోలార్‌కైతే 40 శాతం తరుగుదల వస్తుంది, కానీ అక్కడ ఈ ఇంటి సబ్సిడీ రాదు.

వెండర్‌తో రాతపూర్వక ఒప్పందం లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి. అతను పోర్టల్‌లో నమోదైనవాడై ఉండాలి. ప్యానెళ్లు డీసీఆర్‌వి, అంటే సెల్లు, మాడ్యూలు రెండూ ఇక్కడే తయారైనవి కావాలి. ‘మేడిన్ ఇండియా’ అని అట్టపెట్టె మీద ఉంటే సరిపోదు, విదేశీ సెల్లు తెచ్చి ఇక్కడ ప్యానెలుగా బిగించినా ఆ మాట రాస్తారు. సబ్సిడీ తిరస్కరణకు ఇదొక్కటి చాలు. బండి దిగగానే ప్రతి ప్యానెలు సీరియల్ నంబరూ ఫోటో తీసి, డీసీఆర్ పోర్టల్‌లో సరిచూసి, ఆ నంబర్లు ఇన్‌వాయిస్‌లో రాయించండి. ఒప్పందంలో ఇంకో వాక్యం చేర్పించండి: సరఫరా చేసిన పరికరాల లోపం వల్ల సబ్సిడీ రాకపోతే ఆ మొత్తం వెండర్ చెల్లించాలి. దానికి ఒప్పుకోని వెండర్‌కు తన ప్యానెళ్ల మీద నమ్మకం లేదన్నమాట. ఐదేళ్ల నిర్వహణ అతని బాధ్యతే. సముద్రం దగ్గరే కాబట్టి ఫ్రేము హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసినది) అని రాతలో ఉండాలి, వెండి రంగు పూసిన ఇనుము ఉప్పుగాలికి ఆగదు. డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి, ఆఖరి విడత నెట్ మీటరు తిరిగాకే. లోను డబ్బు బ్యాంకు నేరుగా వెండర్‌కు వేస్తుంది కనుక ఇదే క్రమం పాటించమని బ్యాంకుకూ రాసివ్వండి. బ్యాటరీ లేని ఈ ప్లాంటు, కరెంటు పోతే ఎండలో కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు, లైను మీద పనిచేసే మనిషి ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు.

మీ ఇంటికి మంజూరైన లోడు చాలదని కరెంటు ఆఫీసులో తిప్పితే విద్యుత్ వినియోగదారుల హక్కుల 2024 సవరణ నిబంధనలు చూపండి. 10 కిలోవాట్ల వరకు దరఖాస్తును సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదించినట్టు లెక్క, అవసరమైన లోడు పెంపు డిస్కమే చేయాలి. 5 కిలోవాట్ల వరకు లైను బలపరిచే ఖర్చు కూడా వాళ్లదే. అయినా కదలకపోతే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, ఆ తర్వాత తిరుపతిలోని వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు రాయండి. వెండర్ మీదైతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు, ఈ-జాగృతిలో ఇంటి నుంచే వేయొచ్చు. వెండర్ ఆఫీసు ఎక్కడున్నా మీరుండే జిల్లాలోనే వేసే హక్కు మీకుంది.

చివరగా షాపు. వద్దు. ఇంటి మీటరు నుంచి షాపుకు ఒక్క బల్బు వైరు లాగినా విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగమే. ఎప్పటి నుంచో తేలకపోతే వెనక్కి 12 నెలలకు, వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వేస్తారు. దాని మీద అప్పీలుకు 30 రోజులే గడువు, అదీ సగం సొమ్ము ముందు కట్టాకే. నెట్ మీటరు బిగించే రోజున వచ్చేవాళ్లు రెండు మీటర్ల వైర్లూ చూస్తారు. పాత వైరు ఏదైనా అటూ ఇటూ కలిసి ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందే విడదీయించండి.