తక్కువ ధర టికెట్, ఎక్కువ వడ్డింపులు: ఏవి తిరిగి అడగొచ్చు?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ఈమధ్య నేను, మావారు, ఏడేళ్ల పాప, అత్తగారు కాశీ వెళ్లాం. హైదరాబాద్ నుంచి వారణాసికి రానుపోను టికెట్లు ఒక చవక విమాన సంస్థ వెబ్‌సైట్‌లోనే బుక్ చేశాం. మొదట చూపించిన ధరకీ చివరికి మేం కట్టిన డబ్బుకీ పొంతనే లేదు. అడక్కుండానే ఇన్సూరెన్స్ అని రూ.796 కలిపేశారు. పాప మా పక్కన కూర్చోవాలంటే సీట్లు కొనాలన్నట్టు కనిపిస్తే మూడు సీట్లకు రూ.1,050 కట్టాం. తిరుగు ప్రయాణంలో వెబ్ చెక్-ఇన్ చేయలేదని బోర్డింగ్ పాస్‌కు మనిషికి రూ.200 చొప్పున రూ.600 తీసుకున్నారు. గంగాజలం చెంబులు, ఇత్తడి సామాన్లతో బ్యాగు నాలుగు కిలోలు ఎక్కువైందని మరో రూ.2,400. అత్తగారు తొమ్మిది నిద్రలు చేస్తానని చుట్టాలతో కాశీలోనే ఉండిపోయి, తర్వాత రైల్లో వచ్చారు. ఆమె తిరుగు టికెట్ రూ.5,180 ‘నాన్ రిఫండబుల్’ కాబట్టి పైసా కూడా రాదన్నారు. కేసు వేస్తామంటే ‘ఏదైనా ఢిల్లీ కోర్టులోనే’ అని కస్టమర్ కేర్‌లో చెప్పారు. మాకేమైనా తిరిగొస్తుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: వస్తుందమ్మా. కట్టినదంతా రాదు గానీ, మీరు వదిలేసుకోవాల్సినంత చిన్న మొత్తమూ కాదు.

ముందు ఒక విషయం. టికెట్ ధర నుంచి సీటు ఎంపిక, భోజనం, చెక్-ఇన్ లగేజీ, లాంజ్ లాంటివి విడదీసి వేరేగా అమ్ముకోవడానికి విమాన సంస్థలకు డీజీసీఏ (విమానయాన రంగాన్ని నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి ఇచ్చింది. అందుకే ‘అదనంగా వసూలు చేశారు’ అన్నంత మాత్రాన కేసు నిలబడదు. అయితే ఆ అనుమతికి ఒక షరతు ఉంది. ప్రయాణికులు తమంతట తాము కోరుకుంటేనే ఆ సేవ అమ్మాలి. వద్దనుకునేవాళ్లు వెతికి వెతికి తీసేసుకోవాల్సిన పరిస్థితి ఉండకూడదు. మీ బిల్లులో ఒక్కో పద్దునూ ఈ ప్రశ్నతోనే చూడాలి: ఇది మేం అడిగామా, మా నెత్తిన పెట్టారా?

అన్నిటికన్నా గట్టిది అత్తగారి టికెట్. మెయిల్లో వచ్చిన ఇన్వాయిస్ తెరవండి. రూ.5,180 ఒకే ముక్కగా ఉండదు. బేస్ ఫేర్ ఒక వరుస, ఫ్యూయల్ ఛార్జ్ ఉంటే ఇంకో వరుస, ఆ కింద యూడీఎఫ్, ఏఎస్ఎఫ్, జీఎస్టీ అని చిన్న అక్షరాల్లో ఉంటాయి. యూడీఎఫ్ అంటే విమానాశ్రయాన్ని వాడుకున్నందుకు కట్టే రుసుము. ఏఎస్ఎఫ్ అంటే భద్రతా రుసుము. ఆరోజు అత్తగారు వారణాసి విమానాశ్రయం గడప తొక్కలేదు. మరి ఆమె పేరున వసూలు చేసిన రుసుము విమాన సంస్థ దగ్గర ఎందుకు ఉండాలి?

డీజీసీఏ రిఫండ్ నిబంధనలు కూడా ఇదే చెబుతున్నాయి. టికెట్ రద్దు చేసుకున్నా, అసలు విమానం ఎక్కకపోయినా చట్టబద్ధమైన పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలి. ప్రోమో టికెట్‌కూ, బేస్ ఫేర్ నాన్ రిఫండబుల్ అని రాసిన టికెట్‌కూ ఇదే వర్తిస్తుంది. క్యాన్సిలేషన్ ఛార్జీ ఎట్టి పరిస్థితుల్లోనూ బేస్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జ్ కలిపిన మొత్తాన్ని మించకూడదు. రిఫండ్ ప్రాసెస్ చేసినందుకంటూ మళ్లీ ఫీజు కోయకూడదు. ‘డబ్బు మీ క్రెడిట్‌లో ఉంచుతాం, ఇంకోసారి ప్రయాణానికి వాడుకోండి’ అని వాళ్లంతట వాళ్లే నిర్ణయించకూడదు, అది మీ ఇష్టం. కాబట్టి బేస్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జ్ మీద ఆశ వదులుకోండి, మిగతా వరుసలు మాత్రం అణా పైసలతో అడగండి. ఈ డబ్బు అడగాలని తెలియక ఎన్ని కుటుంబాలు వదిలేసుకుంటున్నాయో తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది. నలుగురైదుగురు కలిసి విమానం మిస్సయితే అది చిన్న మొత్తం కాదు.

ఇన్సూరెన్స్ సంగతి. పేమెంట్ పేజీలో ఆ గడిలో ముందే టిక్ పెట్టి ఉంచారా అన్నది కీలకం. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ముందే టిక్ పెట్టిన గడిని కొనుగోలుదారు సమ్మతిగా లెక్కగట్టకూడదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు నోటిఫై చేసింది. అందులో పదమూడు రకాల మాయల జాబితా ఉంది. మీరు అడగనిదాన్ని బిల్లులో దూర్చడం, మొదట ఒక ధర చూపి చివర్లో ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోవడం, రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. బుక్ చేసినప్పటి స్క్రీన్‌షాట్ మీ దగ్గర ఉండకపోవచ్చు. ఇప్పుడు అదే సైట్‌లో ఉత్తుత్తి బుకింగ్ మొదలుపెట్టి, డబ్బు కట్టకుండా పేమెంట్ పేజీ దాకా వెళ్లి, ప్రతి పేజీనీ ఫోన్‌లో వీడియో తీసుకోండి. మీ బుకింగ్ నాటి పేజీకి అది నేరుగా సాక్ష్యం కాదు గానీ, వాళ్ల పద్ధతి ఇదీ అని చూపించడానికి పనికొస్తుంది.

బోర్డింగ్ పాస్‌కు తీసుకున్న రూ.600 కూడా అడగండి. 2022 జులైలో కేంద్ర పౌర విమానయాన శాఖే ఈ విషయం బహిరంగంగా చెప్పింది. కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ ఇచ్చినందుకు వేరే డబ్బు తీసుకోవద్దని, 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోని 135వ నిబంధన చెప్పే ‘టారిఫ్’లోకి అది రాదని ఆ ప్రకటన సారాంశం. ఫోన్ సరిగా వాడటం రాని పెద్దవాళ్లు క్యూలో నిలబడి ఈ డబ్బు కట్టాల్సి రావడం నాకు అస్సలు మింగుడుపడదు.

సీట్ల విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. పన్నెండేళ్లలోపు పిల్లలకు అదే పీఎన్ఆర్‌లో ప్రయాణిస్తున్న తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ ఆదేశించింది. అంటే పాప కోసం మీరు సీట్లు కొననక్కర్లేదు. కానీ మీరే ఎంచుకుని డబ్బు కట్టారని వాళ్లు వాదిస్తారు. ఉచితంగా పక్కపక్కన కూర్చోబెట్టే వీలుందని ఎక్కడా చెప్పకపోతే, ‘ముఖ్యమైన సమాచారం దాచారు’ అని మీరు అడగొచ్చు. నా అంచనాలో అవకాశం సగం సగం. ఈసారి వెళ్లేటప్పుడు మాత్రం సీటు పేజీ దాటేసి, కౌంటర్‌లో పాప వయసు చెప్పి అడగండి.

లగేజీ డబ్బు రాదమ్మా. అదనపు బరువుకు కిలోకు రూ.100 దాటకూడదని 2016లో డీజీసీఏ కొంతవరకు పరిమితి పెట్టింది గానీ, 2017లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రేటు ఇప్పుడు సంస్థ ఇష్టం. ఒకవేళ తూకం మీదే అనుమానం ఉంటే, కౌంటర్ దగ్గరున్న కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి, రెండో కాటా మీద తూచమనండి. రసీదు లేకుండా రూపాయి ఇవ్వొద్దు.

ఇక ‘ఢిల్లీ కోర్టు’ బెదిరింపు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటే, అంటే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. టికెట్ వెనక ఏ షరతు అచ్చువేసినా ఈ హక్కు పోదు. ఇలాంటి వాదన మన హైదరాబాద్ ప్రయాణికుడి కేసులోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007 డిసెంబరులో ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన ఇండిగో విమానం పొగమంచు వల్ల గంటల తరబడి ఆలస్యమైంది. ఆయన హైదరాబాద్‌లోని శాశ్వత లోక్ అదాలత్‌కు (ప్రజోపయోగ సేవల వివాదాలు తేల్చే వేదిక) వెళ్లారు. ఢిల్లీ కోర్టులకే అధికారం ఉందన్న సంస్థ అభ్యంతరం 2011 నాటి సుప్రీంకోర్టు తీర్పులో నిలవలేదు. పొగమంచు సంస్థ తప్పు కాదు కాబట్టి ఆయనకు ఇచ్చిన పరిహారాన్ని మాత్రం కోర్టు రద్దు చేసింది. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. ప్రయాణికులను విమానంలో కూర్చోబెట్టి ఆలస్యమైనప్పుడు మంచినీళ్లు, తిండి లాంటి కనీస సదుపాయాలు ఇవ్వాల్సిన బాధ్యత చవక విమాన సంస్థలకూ ఉంటుందని చెప్పింది.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఇది. సంస్థ నోడల్ ఆఫీసర్ పేరు, మెయిల్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటాయి. పీఎన్ఆర్ నంబరు రాసి, మూడు పద్దులు వేర్వేరుగా పెట్టండి: అత్తగారి టికెట్‌లో పన్నులు, రుసుములు; ఇన్సూరెన్స్ రూ.796; బోర్డింగ్ పాస్ రూ.600. సీట్ల డబ్బు నాలుగోది. లగేజీ ఊసెత్తకండి, బలమైన డిమాండ్ పక్కన బలహీనమైనది పెడితే జవాబు దానికే ఇస్తారు. పదిహేను రోజులు గడువివ్వండి. సమాధానం రాకపోతే విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ఉన్న ఎయిర్‌సేవా పోర్టల్‌లోనూ, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ నమోదు చేయండి. చాలా రిఫండ్లు ఈ దశలోనే వచ్చేస్తాయి.

అప్పటికీ కదలకపోతే రెండు దారులున్నాయి. ఒకటి వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు, లాయర్ ఉండాలన్న నియమమూ లేదు. మానసిక వేదనకు, ఖర్చులకు కూడా అడగొచ్చు. రెండోది శాశ్వత లోక్ అదాలత్. విమాన ప్రయాణం చట్ట ప్రకారం ప్రజోపయోగ సేవ కిందకు వస్తుంది. ఫీజు లేదు, రాజీ కుదరకపోతే వాళ్లే తీర్పు ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే వివరాలు చెబుతారు. అయితే అక్కడి తీర్పు మీద అప్పీలు ఉండదు, అక్కడికి వెళ్లాక అదే విషయం మీద వేరే కోర్టుకు పోలేరు. మీ పద్దుల్లో ఆన్‌లైన్ పేజీల వ్యవహారం ఉంది కాబట్టి నేనైతే కమిషన్‌కే వెళ్లమంటాను.

కమిషన్‌కు గడువు రెండేళ్లు. అంతదాకా ఆగకండి, అత్తగారి టికెట్ పన్నుల కోసం మెయిల్ ఈ వారమే పంపండి. వాళ్లిచ్చే జవాబు ఏదైనా సరే, జాగ్రత్తగా దాచుకోండి.