మామిడిపిందె ముక్కు ఎటు తిరిగిందో చూడు

బుజ్జీ,

రాత్రి నువ్వు పంపిన ఐదు లింకులూ పొద్దున్నే కాఫీ తాగుతూ చూశాను. మామిడిపిందెల హారం, నల్లటి లోహంలో వెండి పొదిగిన బిద్రీ భరిణె, ఇత్తడి పన్నీరుబుడ్డి, ఆకుపచ్చ అట్ట ఉన్న ఇంగ్లీషు మొక్కల పుస్తకం, విడిగా అమ్ముతున్న పాత పూల బొమ్మ. నీకు వీటి మీద మనసు పోయిందంటే ఎంత సంతోషంగా ఉందో, నా తర్వాత ఈ ఇంట్లో ఇవెవరికి కావాలి అని చాలాసార్లు బెంగపడ్డాను. కానీ ఇంకా దేనికీ డబ్బు కట్టకు. ముందు ఇది చదువు.

ఫోన్‌లో కొనేటప్పుడు చేత్తో పట్టుకుని చూసే వీల్లేదు, బరువు తెలీదు, వాసన తెలీదు, ఉన్నవి కళ్ళే. కాబట్టి ఆ వస్తువు మీదున్న మొక్క నీకు బాగా తెలిసి ఉండాలి. మల్లెమొగ్గ ఎక్కడ ఉబ్బుతుందో, కొసన ఎంత సన్నబడుతుందో తెలిసిన కంసాలి చేసిన గొలుసు వేరు, ఇంకో గొలుసు ఫోటో చూసి అచ్చు తీసింది వేరు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకు. మామిడంటే నీకు ఇష్టం కదా, ఒక ఏడాది మామిడే చూడు.

ఏడేళ్ళ క్రితం నేనూ ఇలాంటి హారమే కొన్నాను, వెండి మీద బంగారు పూత, "అమ్మమ్మల కాలం నాటిది" అని రాశారు, 18 వేలు కట్టాను. వచ్చాక మా అమ్మ హారం పక్కన పెట్టి చూస్తే గుండె జారిపోయింది. అమ్మ హారంలో కుడివైపు పిందెల ముక్కులు కుడికి, ఎడమవైపువి ఎడమకి, ఏ రెండు పిందెలూ సరిగ్గా ఒకలా ఉండవు, ఒకటి కాస్త బొద్దుగా, ఒకటి కాస్త కోలగా. నేను కొన్నదాంట్లో ఇరవై ఆరు పిందెలూ ఒకే వైపుకి తిరిగి ఉన్నాయి, పైగా ప్రతిదాని బుగ్గ మీదా ఒకే చోట సూదిమొన అంత గుంట. ఒకే అచ్చులో పోసినవన్నమాట. అమ్మినవాళ్ళకి రాస్తే జవాబే లేదు. ఆ గుంట ఫోటోలో కూడా కనిపించేది బుజ్జీ, పెద్దది చేసి చూసుకోవాల్సింది, తొందరపడ్డాను.

నువ్వు పంపిన హారానికి ముందువైపు ఫోటోలు ఆరున్నాయి, వెనకవైపుది ఒక్కటీ లేదు. వెనక ఫోటో అడుగు, కొక్కెం ఫోటో అడుగు, తక్కెడ మీద పెట్టి అంకె కనిపించేలా తీయమను. పాత నగల్లో బోలుగా చేసి లోపల లక్క నింపినవి చాలా ఉంటాయి, పైన కెంపులు కూడా ఉంటే తక్కెడ చూపించే బరువంతా బంగారం కాదు, ఆ లెక్కన ధర కట్టించుకోకు. హారాన్ని ఫోన్ దగ్గర ఊపుతూ వీడియో తీయమను, గలగలమంటే లోపల లక్క ఎండి విడిపోయిందని అనుకో. ఇక ముద్రల సంగతి. మన దేశంలో బంగారం స్వచ్ఛతకి వేసే హాల్‌మార్క్ ముద్ర 2000లో మొదలైంది, ఒక్కో నగకీ విడిగా ఇచ్చే నంబరు హెచ్‌యూఐడీ, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండేది, 2021లో వచ్చింది, కాబట్టి పాత నగ మీద ముద్ర లేదని భయపడక్కర్లేదు. "నూరేళ్ళ నాటిది" అని చెప్పి దాని మీద హెచ్‌యూఐడీ ఉంటే మాత్రం ఎప్పుడు వేయించారో అడుగు. ఆ నంబరు ప్రభుత్వ ప్రమాణాల సంస్థ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు.

ఇంకొక్కటి, గురివింద గింజల దండలు కనిపిస్తే ఎంత అందంగా ఉన్నా వద్దు. ఒకప్పుడు కంసాలులు బంగారం తూచింది ఆ గింజలతోనే, నాకూ వాటి మీద మమకారమే, కానీ లోపలంతా విషం. బెజ్జం వేసిన గింజ మరీ ప్రమాదం. నీ ఇంట్లో రెండేళ్ళ పిల్లాడున్నాడు.

బిద్రీ భరిణె బాగుంది. మూత మీద ఉన్నది గసగసాల పువ్వు, బిద్రీలో అది పాత డిజైనే. బిద్రీ లోహంలో ఎక్కువ భాగం జింక్, కొంచెం రాగి, అందుకే చేతికి బరువుగా ఉంటుంది, అల్యూమినియం మీద నల్లరంగు వేసింది అయితే తేలిగ్గా ఉంటుంది, అది కూడా తూకంలోనే తేలిపోతుంది. వెండిని లోహంలోకి చెక్కి పొదుగుతారు కాబట్టి రేకుల అంచులు దగ్గరనుంచి తీసిన ఫోటోలో తేటగా ఉండాలి, అలికినట్టుంటే అది పెయింటు. నువ్వు హైదరాబాదులోనే ఉన్నావు, ఒక ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళి బిద్రీ గదిలో గంట నిలబడు, శుక్రవారం సెలవు. ఇంటికొచ్చాక ఇత్తడిని తోమినట్టు చింతపండు పెట్టి తోమావంటే ఆ నలుపు పోతుంది, పొడిగుడ్డ మీద రెండు చుక్కల కొబ్బరినూనె చాలు. పన్నీరుబుడ్డికి అతుకు దగ్గర పగులు లేకపోతే తీసుకో, ధర సబబుగానే ఉంది.

ఇక పుస్తకాలు, నా ప్రాణం అక్కడే ఉంది. మా కాకినాడ పక్కన సామర్లకోటలో ఉండి రాక్స్‌బర్గ్ దొర, ఈస్టిండియా కంపెనీ డాక్టరు, మన మొక్కలన్నీ ఇక్కడి చిత్రకారులతో గీయించాడు. అది మూడు సంపుటాల 'ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్'గా 1795 నుంచి లండన్‌లో అచ్చయింది, మొత్తం 300 బొమ్మలు. మోదుగ, తీగ మోదుగ అని మన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. రాబర్ట్ వైట్ అనే డాక్టరుకి బొమ్మలు గీసిన రంగయ్య, గోవిందుల పేర్లు కూడా గుర్తుపెట్టుకో, ఒక ఆర్కిడ్ జాతికి ఆయన గోవిందు పేరే పెట్టాడు. ఈ పుస్తకాల స్కాన్లు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఏదైనా కొనేముందు అక్కడ అసలు బొమ్మ ఎలా ఉందో చూసుకో.

నీకు దొరికిన విడి బొమ్మ గురించి నా మనసులో మాట చెప్తాను. చాలామంది పాత పుస్తకాల్ని చింపి ఒక్కో పేజీ అమ్ముకుంటున్నారు, నేను అవి కొనను, కొంటే ఇంకో పుస్తకం చిరుగుతుంది. పైగా అందులో సగం ఈమధ్య ప్రింటు తీసినవే. భూతద్దం పెట్టినట్టు దగ్గరగా ఫోటో తీయమంటే అలాంటి ప్రింటులో సన్నటి రంగు చుక్కలు కనిపిస్తాయి. చేత్తో రంగు వేసినదైతే ఆకు అంచు దాటి రంగు అక్కడక్కడా పొంగి ఉంటుంది, రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసినదైతే ఆ రేకు నొక్కిన గుర్తు బొమ్మ చుట్టూ దీర్ఘచతురస్రంగా కనిపిస్తుంది.

ఆ ఆకుపచ్చ గుడ్డ అట్ట పుస్తకం 1850ల నాటిదన్నారు. ఆ కాలంలో ఇంగ్లండులో కొన్ని అట్టల గుడ్డకి ఆర్సెనిక్ అనే విషం కలిసిన ఆకుపచ్చ రంగు వాడారు. కొంటే కొను, కానీ ప్లాస్టిక్ కవర్లో మూసి పెట్టు, ముట్టుకుంటే చేతులు కడుక్కో, వేలు తడిచేసి పేజీ తిప్పకు, పిల్లాడికి అందనివ్వకు.

వెతికేటప్పుడు తెలుగు పేరుతోనే వెతికితే పది దొరుకుతాయి. మామిడిపిందెల హారాన్ని తమిళులు మాంగా మాలై అంటారు, ఆ పిందె డిజైన్‌ని ఉత్తరాదివాళ్ళు కైరీ అంటారు, ఇంగ్లీషులో పెయిస్లీ అని పెడతారు. మల్లెమొగ్గల గొలుసు మలయాళంలో ముల్లమొట్టు మాల. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, స్పెల్లింగ్ తప్పులతో సహా కొట్టి చూడు, తప్పుగా రాసినవాళ్ళ దగ్గరే నాకు మంచివి తక్కువకి దొరికాయి.

డబ్బు ఆ యాప్‌లోనే కట్టు, "విడిగా ఫోన్‌పే చెయ్యండి, తగ్గిస్తాను" అంటే అక్కడితో ఆపెయ్. ఎప్పుడైనా నువ్వే ఏదైనా అమ్మితే, నీకు డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు, కొట్టమన్నారంటే దొంగే. భరిణె అమెరికాలో అక్కకి పంపుతానన్నావు, అది నిజంగా నూరేళ్ళు దాటిందైతే పంపకు. పురాతన వస్తువుల మీద వచ్చిన 1972 చట్టం ప్రకారం అలాంటివి దేశం దాటించకూడదు. అక్కకి కొత్తది కొనిపెడదాం.

హారం వెనక ఫోటో రాగానే నాకు పంపు. మధ్యాహ్నం వచ్చినా పర్లేదు, ఇవాళ పడుకోను, అమ్మ హారం బయటికి తీసి పక్కన పెట్టుకుని కూర్చుంటాను.

మీ పెద్దమ్మ