థలసీమియా మైనర్ అని రిపోర్టు వచ్చింది... పెళ్లి చేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 26 సంవత్సరాలు. కాలేజీ రోజుల నుంచి రక్తం తక్కువగా ఉందంటూ ఐరన్ మాత్రలు ఇస్తూనే ఉన్నారు. ఎన్ని వాడినా హిమోగ్లోబిన్ 11 దాటలేదు. పెళ్లి నిశ్చయమయ్యే దశలో ఉండటంతో పూర్తి పరీక్షలు చేయించుకున్నాను. హిమోగ్లోబిన్ 10.8, ఎర్ర రక్తకణాలు 55 లక్షలు, ఎంసీవీ 64, ఫెర్రిటిన్ 92, హెచ్‌బీ ఏ2 5.3 శాతం అని వచ్చింది. కింద ‘బీటా థలసీమియా ట్రెయిట్’ అని రాశారు. ఇది రక్త క్యాన్సర్ లాంటిదా? ముందు ముందు ముదురుతుందా? ఇంట్లోవాళ్లకు సోకుతుందా? రక్తం ఎక్కించుకుంటే పోతుందా? ఐరన్ మాత్రలు కొనసాగించాలా? తరచూ నీరసంగా ఉండటం దీనివల్లేనా? అన్నిటికంటే ముఖ్యంగా, నేను పెళ్లి చేసుకుని పిల్లల్ని కనవచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: మీరు నిరభ్యంతరంగా పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్నీ కనవచ్చు. అయితే మీకు కాబోయే భర్త కూడా మీరు చేయించుకున్న ఈ రక్తపరీక్షలే చేయించుకోవాలి. ఈ జవాబులో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. థలసీమియా అంటే హిమోగ్లోబిన్ తగినంతగా తయారుకాని వంశపారంపర్య లోపం. థలసీమియా మైనర్ అన్నా, థలసీమియా ట్రెయిట్ అన్నా ఒకటే. మీ రిపోర్టులో ఉన్నది క్యాన్సర్ కాదు, వయసుతోపాటు ముదిరేదీ కాదు. థలసీమియాకు కారణమయ్యే జన్యులోపం మీలో ఒక జన్యువులో మాత్రమే ఉంది, దాని జత జన్యువు సక్రమంగా పనిచేస్తోంది. ఇలాంటివారిని క్యారియర్లు అంటారు. క్యారియర్లలో అత్యధికులు ఈ సంగతి తెలియకుండానే నిండు నూరేళ్లూ ఆరోగ్యంగా బతుకుతారు.

మీరు పంపిన అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం చాలావరకు అక్కడే అర్థమవుతుంది. ఎంసీవీ అనేది ఎర్ర రక్తకణం సగటు పరిమాణం. అది 80 నుంచి 100 ఫెమ్టోలీటర్ల మధ్య ఉండాలి, మీకు 64 మాత్రమే ఉంది కాబట్టి మీ కణాలు బాగా చిన్నవి. ఐరన్ లోపంలోనూ కణాలు ఇలాగే చిన్నబడతాయి కనుక ఇన్నేళ్లూ మీకు మాత్రలు రాసినవారు ఆ కోణంలోనే ఆలోచించి ఉంటారు. కానీ ఐరన్ లోపంలో కణాల సంఖ్య సాధారణంగా పెరగదు, లోపం ముదిరేకొద్దీ తగ్గుతుంది. మీకు ఘన మిల్లీమీటరుకు 55 లక్షలు ఉన్నాయి, ఇది స్త్రీలలో మామూలుగా కనిపించే సంఖ్య కంటే ఎక్కువే. కణాలు చిన్నవిగా ఉండి, సంఖ్య మాత్రం ఎక్కువగా ఉంటే థలసీమియా ట్రెయిట్‌ను తప్పక అనుమానించాలి. ఇందుకు మెంట్జర్ సూచిక అనే ఒక తేలికైన లెక్క 1973 నుంచి వాడుకలో ఉంది. ఎంసీవీని మిలియన్లలో చెప్పిన కణాల సంఖ్యతో భాగించగా 13 కంటే తక్కువ వస్తే థలసీమియా ట్రెయిట్ వైపు, ఎక్కువ వస్తే ఐరన్ లోపం వైపు మొగ్గు చూపుతుంది. మీ 64ను 5.5తో భాగిస్తే 11.6 వస్తుంది. ఇది అనుమానానికి ఆధారమే గాని నిర్ధారణ కాదు. మీ విషయంలో నిర్ధారించింది హెచ్‌బీ ఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్ శాతం. అది 3.5 శాతం దాటితే, కణాలు కూడా చిన్నవిగా ఉంటే, బీటా థలసీమియా ట్రెయిట్ అని చెప్పవచ్చు.

ఈ ఏ2 ఎందుకు పెరిగిందో తెలిస్తే మీ సందేహాలు సగానికి పైగా వాటంతట అవే తొలగిపోతాయి. ఒక్కో ఎర్ర రక్తకణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు ఉంటాయి. పెద్దవారిలో దాదాపుగా ప్రతి అణువులోనూ రెండు ఆల్ఫా, రెండు బీటా ప్రొటీన్ గొలుసులు ఉంటాయి, ఒక్కో గొలుసు తన వద్ద ఉన్న ఐరన్ పరమాణువుతో ఒక ఆక్సిజన్ అణువును పట్టుకుంటుంది. ఆల్ఫా గొలుసు తయారీకి కావలసిన జన్యువులు 16వ క్రోమోజోముపైన, బీటా గొలుసుకు కావలసిన జన్యువు 11వ క్రోమోజోముపైన ఉంటాయి. 11వ క్రోమోజోములు మనకు రెండు, ఒకటి తల్లి నుంచి, మరొకటి తండ్రి నుంచి వస్తాయి. మీకు వాటిలో ఒకదానిపై ఉన్న బీటా జన్యువు సరిగా పనిచేయడం లేదు, రెండోది చక్కగా పనిచేస్తోంది. అందువల్ల బీటా గొలుసులు తక్కువగా తయారై, కణంలో హిమోగ్లోబిన్ కొంత తగ్గి, కణం చిన్నదైంది. ఆ కొరతను సర్దుబాటు చేసుకోవడానికి ఎముక మజ్జ మరిన్ని కణాలను తయారుచేస్తోంది. బీటా తగ్గినచోట డెల్టా అనే మరో గొలుసు ఆల్ఫాతో జతకట్టే అవకాశం పెరుగుతుంది. డెల్టా గొలుసులున్న హిమోగ్లోబిన్‌నే ఏ2 అంటారు. మీ రిపోర్టులో ఆ శాతం పెరిగి కనిపించడానికి కారణం ఇదే.

రక్తం ఎక్కించుకుంటే పోతుందా అని అడిగారు. పోదు, మీకు ఆ అవసరమూ లేదు. రక్తంలో తిరిగే ఎర్ర కణానికి కేంద్రకం ఉండదు, దాని ఆయుష్షు సుమారు 120 రోజులు. దాత కణాలు అన్ని రోజులు పనిచేసి అంతరించిపోతాయి, ఈలోగా మీ మజ్జలోని మూలకణాలు మీ జన్యువుల ప్రకారమే క్షణానికి 20 లక్షలకు పైగా కొత్త కణాలను పుట్టిస్తూనే ఉంటాయి.

ఇక సోకడం గురించి. క్షయ, మలేరియా వంటివి సోకుతున్నాయంటే వాటికి కారణమైన సూక్ష్మజీవి ఒకరి శరీరం నుంచి మరొకరి శరీరంలోకి చేరి, తన జన్యువులతో తన సంతతిని పెంచుకుంటున్నదని అర్థం. మీలో అలాంటి సూక్ష్మజీవి ఏదీ లేదు. తాకినా, ఒకే కంచంలో తిన్నా, కాపురం చేసినా ఇది ఎవరికీ రాదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు రావడం ఒక్కటే దీనికి దారి. అయితే సూక్ష్మజీవులతో దీనికి పాత బంధుత్వం ఒకటి ఉంది. మలేరియా విపరీతంగా ఉన్న ప్రాంతాల్లోనే థలసీమియా క్యారియర్లు ఎక్కువగా ఎందుకు ఉన్నారన్న ప్రశ్నకు 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ అనే శాస్త్రవేత్త ఒక సమాధానం ప్రతిపాదించారు. మలేరియా పరాన్నజీవి ఎర్ర కణంలో దూరి, హిమోగ్లోబిన్‌ను ఆహారంగా తీసుకుని పెరుగుతుంది. క్యారియర్ల కణాలు దానికి అంత అనుకూలంగా ఉండకపోవడంతో ప్రాణాంతకమైన మలేరియా నుంచి వారికి కొంత రక్షణ దొరికి, తరతరాలుగా ఆ జన్యువు నిలబడిపోయిందన్నది ఆయన ఆలోచన. తర్వాతి పరిశోధనలు దీన్ని బలపరిచాయి. ఈ జన్యువు మీ వంశానికి తగిలిన శాపమేమీ కాదు, మీ పూర్వీకులను బతికించిన లక్షణం అయి ఉండవచ్చు. అలాగని మీకు మలేరియా రాదని మాత్రం అనుకోవద్దు, దోమల విషయంలో అందరిలాగే జాగ్రత్తపడాలి.

ఐరన్ మాత్రల విషయంలో కాస్త గట్టిగా చెప్పక తప్పదు. మీ ఫెర్రిటిన్ 92 నానోగ్రాములు. శరీరంలో ఐరన్ నిల్వ ఎంత ఉందో చెప్పే పరీక్ష ఇది, 15 కంటే తగ్గితే నిల్వలు అడుగంటినట్టే. పరీక్ష చేయించుకున్న రోజుల్లో మీకు జ్వరం గాని, ఇన్‌ఫెక్షన్ గాని లేకపోతే మీ నిల్వలు బాగానే ఉన్నట్టు (అలాంటి సమయాల్లో ఫెర్రిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది). మీకు కొరత బీటా గొలుసులకు, ఐరన్‌కు కాదు. కాబట్టి ఎన్ని మాత్రలు మింగినా మీ హిమోగ్లోబిన్ పెరగదు. మన శరీరం రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల ఐరన్‌ను మాత్రమే పేగుల నుంచి గ్రహించుకుంటుంది. రోజువారీ అవసరంలో అధిక భాగాన్ని, అంటే 20 మిల్లీగ్రాములకు పైగా, వయసు తీరిన ఎర్ర కణాలను విడగొట్టి తిరిగి రాబట్టుకుంటుంది. అదనంగా చేరిన ఐరన్‌ను బయటకు పంపే ప్రత్యేకమైన ఏర్పాటు శరీరానికి లేదు. అందువల్ల అవసరం లేకుండా ఏళ్ల తరబడి మాత్రలు వాడటం మంచిది కాదు. మీ వైద్యునికి ఈ రిపోర్టు చూపించి ఇప్పుడు ఆపేయండి. అధిక రుతుస్రావం వంటి కారణాలతో క్యారియర్లకు కూడా ఐరన్ లోపం వస్తుంది. భవిష్యత్తులో ఎప్పుడైనా ఫెర్రిటిన్ తగ్గితే అప్పుడు మాత్రలు వాడవలసిందే.

నీరసాన్ని వెంటనే దీని ఖాతాలో వేయకండి. పుట్టినప్పటి నుంచి ఈ స్థాయికి అలవాటుపడిన శరీరానికి 10.8 హిమోగ్లోబిన్ పెద్దగా ఇబ్బంది కలిగించదు. థైరాయిడ్, విటమిన్ బి12 పరీక్షలు చేయించుకోండి, నిద్ర సరిపోతోందో లేదో గమనించుకోండి. ఒక పేరు దొరికింది కదా అని అన్నిటికీ అదే కారణమనుకుంటే అసలు కారణం మరుగున పడిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీకు కాబోయే భర్త బీటా జన్యువులు రెండూ సరిగా ఉంటే, మీకు పుట్టే ప్రతి బిడ్డా మీలా క్యారియర్ అయ్యే అవకాశం 50 శాతం, ఏమీ లేకుండా పుట్టే అవకాశం 50 శాతం. జబ్బుతో ఎవరూ పుట్టరు. ఆయన కూడా క్యారియర్ అయితే మాత్రం ప్రతి గర్భంలోనూ బిడ్డకు రెండు లోపభూయిష్ట జన్యువులు చేరి థలసీమియా మేజర్ వచ్చే అవకాశం 25 శాతం, క్యారియర్ అయ్యే అవకాశం 50 శాతం, రెండూ మంచి జన్యువులే వచ్చే అవకాశం 25 శాతం. నలుగురు పిల్లల్లో ఒకరికి వస్తుందని, మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతివారికి రాదని కొందరు దంపతులు పొరపడుతుంటారు. నాణెం ఎగరేసినప్పుడు క్రితంసారి ఏం పడిందో దానికి గుర్తుండదు, ఇక్కడా అంతే. ప్రతి గర్భానికీ లెక్క మళ్లీ మొదటి నుంచే.

థలసీమియా మేజర్ ఉన్న బిడ్డ పుట్టినప్పుడు చూడటానికి పూర్తి ఆరోగ్యంగా ఉంటుంది. కడుపులో ఉన్నప్పుడు శిశువు బీటాకు బదులు గామా గొలుసులతో చేసిన హిమోగ్లోబిన్‌పై ఆధారపడుతుంది కనుక లోపం బయటపడదు. పుట్టాక కొన్ని నెలల్లో గామా తగ్గి బీటా పెరగాల్సిన సమయానికి అది తయారు కాక, సాధారణంగా ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు బిడ్డ పాలిపోవడం, ఎదుగుదల మందగించడం, పొట్ట ఉబ్బడం కనిపిస్తాయి. జతలేని ఆల్ఫా గొలుసులు పేరుకుపోయి ఎర్ర కణాలను మజ్జలోనే చంపేస్తాయి. అప్పటి నుంచి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక్కో యూనిట్ రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ శరీరంలోకి చేరి గుండెను, కాలేయాన్ని, హార్మోన్ గ్రంథులను దెబ్బతీస్తుంది కాబట్టి దాన్ని బయటకు రప్పించే మందులు జీవితాంతం వాడాలి. సరిపోలే దాత దొరికితే మజ్జ మార్పిడితో నయం చేయవచ్చు. ఆగిపోయిన గామా గొలుసుల తయారీని జన్యు సవరణ ద్వారా తిరిగి మొదలుపెట్టే చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్ అనుమతి ఇచ్చింది. చక్కటి చికిత్స అందుతున్న పిల్లలు ఇవాళ చదువుకుని, ఉద్యోగాలు చేసి, కుటుంబాలు నడుపుతున్నారు. అయినా ఆ బిడ్డ, ఆ తల్లిదండ్రులు పడే ప్రయాస సామాన్యమైనది కాదు, దాన్ని దగ్గరగా చూసినవారెవరూ ఒక రక్తపరీక్షను తేలికగా తీసుకోలేరు.

ఆయనకు చేయించాల్సినవి పూర్తి రక్తకణాల పరీక్ష, ఫెర్రిటిన్, హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో హిమోగ్లోబిన్ రకాల విశ్లేషణ. హిమోగ్లోబిన్ 15 ఉంది కదా, పరీక్ష ఎందుకని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, పురుషుల్లో క్యారియర్ అయి ఉండి కూడా హిమోగ్లోబిన్ బాగానే కనిపించవచ్చు. ఐరన్ లోపం తీవ్రంగా ఉంటే ఏ2 తగ్గి ట్రెయిట్‌ను దాచేయవచ్చు కాబట్టి అలాంటప్పుడు ఐరన్ లోపాన్ని సరిచేసి మళ్లీ పరీక్షించాలి. ఆయనలో బీటా థలసీమియా లేకపోయినా సికిల్ హిమోగ్లోబిన్, హిమోగ్లోబిన్ ఇ వంటి మార్పు చెందిన హిమోగ్లోబిన్ రకాలు ఉన్నాయేమో చూడాలి, ఎందుకంటే వాటిలో ఒకటి మీ జన్యువుతో కలిసి బిడ్డకు చేరితే అది కూడా తీవ్రమైన జబ్బు కావచ్చు.

ఆయన కూడా క్యారియరే అని తేలితే నిర్ణయం మీ ఇద్దరిదీ, దానికి వైద్యుడు గాని, బంధువులు గాని తీర్పరులు కారు. ముందుగా జన్యు సలహా నిపుణులను కలవండి. మీ ఇద్దరి జన్యువుల్లో లోపం కచ్చితంగా ఎక్కడుందో డీఎన్ఏ పరీక్షతో గర్భానికి ముందే తెలుసుకుని ఉంటే, గర్భం వచ్చాక 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి తీసిన చిన్న ముక్కతో గాని, 15 వారాల తర్వాత ఉమ్మనీటితో గాని బిడ్డ పరిస్థితి తెలుసుకోవచ్చు. ఐవీఎఫ్ పద్ధతిలో, అంటే శరీరం బయట ఫలదీకరణ జరిపి, పిండాన్ని గర్భంలో పెట్టడానికి ముందే పరీక్షించే వీలు కూడా ఉంది. ఈ సంగతి అవతలివారికి పెళ్లికి ముందే చెప్పండి, దాచవద్దు. చెబితే సంబంధం తప్పిపోతుందన్న భయాన్ని నేను అర్థం చేసుకోగలను, కానీ ఇది చెప్పకుండా ఉండిపోతే ఆ ముప్పు మీకు కాక పుట్టబోయే బిడ్డకు చేరుతుంది.

మీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి ఇది మీకు వచ్చి ఉంటుంది, తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ ఉండే అవకాశం సగానికి సగం. వారి చేత కూడా పరీక్ష చేయించండి, ముఖ్యంగా పెళ్లి కావాల్సినవారి చేత. రేపు మీరు గర్భం దాల్చినప్పుడు హిమోగ్లోబిన్ ఇంకొంత తగ్గవచ్చు కాబట్టి తొలిసారి వెళ్లినప్పుడే వైద్యులకు ఈ రిపోర్టు చూపించి, ఫోలిక్ యాసిడ్‌ను వారు చెప్పిన మోతాదులో వాడండి, ఐరన్‌ను ఫెర్రిటిన్ చూశాకే మొదలుపెట్టండి. మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎప్పుడైనా అవసరమైతే, మీ ఎర్ర కణాల తీరు వల్ల ఆ అంకె తప్పుదోవ పట్టించవచ్చు కనుక, ట్రెయిట్ ఉన్న విషయం అక్కడ కూడా ముందే చెప్పండి.