ఇంజెక్షన్ వేయించుకోకముందు ఆ రిపోర్టును సరిగ్గా చదువు

చిరంజీవి చిన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు మగ హార్మోన్ తక్కువ ఉందని రిపోర్టు వచ్చిందనీ, వచ్చే వారం నుంచి టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు మొదలుపెడతానంటున్నావనీ నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నీ వయసు పిల్లలు చాలామంది నీరసాన్నీ, కోరిక తగ్గడాన్నీ ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోతూ, ప్రకటనల్లో చూసిన పొడులు కొని తాగుతుంటారు. నీవు దాచుకోకుండా కన్నతల్లికి చెప్పి పరీక్షకు వెళ్లినందుకు నాకు గర్వంగా ఉంది. కానీ మాఘమాసంలో పెళ్లి పెట్టుకుని ఇంజెక్షన్లు అనేసరికి నా గుండె జారిపోయింది. ఈ విషయాలు పెద్దమ్మతో మాట్లాడడమేమిటని మొహమాటపడకు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను బయోకెమిస్ట్రీ ల్యాబులో ఇలాంటి రిపోర్టుల మధ్యే ఉన్నాను.

మీ అమ్మ పంపిన ఫోటో చూశాను. టోటల్ టెస్టోస్టెరాన్ డెసిలీటరుకు 271 నానోగ్రాములని ఉంది. నీ కళ్లు ఆ అంకె పక్కనున్న ఎర్ర బాణం మీద ఆగిపోయి ఉంటాయి. నేను మాత్రం ముందుగా పై వరుసలో రక్తం తీసిన సమయం చూశాను. ఉదయం 11 గంటల 40 నిమిషాలు! స్టీల్‌ప్లాంటులో రాత్రంతా డ్యూటీ చేసి, కూర్మన్నపాలెంలో కడుపునిండా టిఫిన్ తిని, నిద్ర లేని ఒంటితో వెళ్లి రక్తం ఇచ్చి వచ్చావన్నమాట. ఇంజనీరింగ్ చదివినవాడివి, కొలత తీసుకునే ముందు పరికరాన్నీ పరిస్థితినీ సరిచూసుకోవాలని నీకు నేను చెప్పాలా? ఈ హార్మోన్ తెల్లవారుజామున పెరిగి, పొద్దెక్కే కొద్దీ తగ్గుతుంది. తిన్న తరువాత తగ్గుతుంది, నిద్ర చాలకపోయినా తగ్గుతుంది, జ్వరమో మరే జబ్బో చేసినప్పుడు ఇంకా బాగా తగ్గుతుంది. అందుకే ఉదయం ఏడు నుంచి పది గంటల మధ్య, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో రక్తం ఇచ్చి, రెండుసార్లూ తక్కువ వస్తేనే తక్కువ అనాలన్నది నియమం. నీవు ముందుగా సెలవు పెట్టి, ఒక వారం పాటు రాత్రిపూట సరిగ్గా నిద్రపోయి, ఆ తరువాతే మళ్లీ పరీక్షకు వెళ్లు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నావట, పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు వాటిని ఆపేయి. కొన్ని పరీక్ష కిట్లలో బయోటిన్ వల్ల టెస్టోస్టెరాన్ ఉన్నదానికంటే ఎక్కువగానూ, దాన్ని తయారుచేయమని వృషణాలకు చెప్పే ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఉన్నదానికంటే తక్కువగానూ కనిపిస్తాయి.

ఇక ఆ ఎర్ర బాణం సంగతి. నీ రక్తం చూసిన ల్యాబు 300ను కనీస హద్దుగా పెట్టుకుంది కాబట్టి 271 తక్కువని వేసింది. 249ను హద్దుగా పెట్టుకున్న కిట్లు కూడా ఉన్నాయి, అక్కడైతే ఇదే అంకె పక్కన ఏ గుర్తూ ఉండేది కాదు. 2017లో పలు దేశాల కొలతలను ఒకే ప్రమాణానికి తెచ్చి, స్థూలకాయం లేని 19 నుంచి 39 ఏళ్ల మగవారికి 264 నుంచి 916 వరకు అని లెక్క తేల్చారు. అమెరికా యూరాలజీ సంఘం 2018లో 300 అంది. వాళ్లు కూడా ఆ అంకె ఒక్కటే చాలనలేదు, లక్షణాలు ఉండాలన్నారు, పరీక్ష రెండుసార్లు చేయాలన్నారు. ఒక్కో ల్యాబు ఒక్కో కొలమానం వాడుతుందని కూడా గుర్తుపెట్టుకో: నీ 271 మరోచోట మిల్లీలీటరుకు 2.71 నానోగ్రాములని, ఇంకోచోట లీటరుకు 9.4 నానోమోల్‌లని వస్తుంది. మూడూ ఒకటే. కాబట్టి రెండో పరీక్ష కూడా అదే ల్యాబులో చేయించు.

రక్తంలోని టెస్టోస్టెరాన్‌లో ఎక్కువ భాగం రెండు ప్రోటీన్లకు అంటుకుని తిరుగుతుంది. విడిగా ఉండేది నూటికి రెండు మూడు పాళ్లే. ఆ ప్రోటీన్లలో గట్టిగా పట్టి ఉంచేదాన్ని ఎస్‌హెచ్‌బీజీ అంటారు. ఒళ్లు వచ్చినవారిలో, షుగరు వైపు జారుతున్నవారిలో ఇది తగ్గిపోతుంది, దానితో పాటు టోటల్ అంకె కూడా కిందికి దిగుతుంది, అయినా విడిగా ఉండే భాగం సరిపడా ఉండవచ్చు. ఈ రెండేళ్లలో నీవు ఎంత బరువు పెరిగావో నాకు తెలుసు కనుక, ఎస్‌హెచ్‌బీజీ, రెండో ప్రోటీన్ అయిన ఆల్బుమిన్ కూడా చేయించి, వాటితో విడిగా ఉండే భాగాన్ని, అంటే ఫ్రీ టెస్టోస్టెరాన్‌ను, లెక్కకట్టించమని చెబుతున్నాను. ప్యాకేజీలో నేరుగా కొలిచి ఇచ్చే ఫ్రీ టెస్టోస్టెరాన్ అంకెను మేము ల్యాబులో ఎప్పుడూ నమ్మేవాళ్లం కాదు.

నీ రిపోర్టులో నన్ను అన్నింటికంటే కలవరపెట్టింది అసలు లేని వరుస. ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే మూడు హార్మోన్ల పరీక్షలు చేయించకుండా ఎవరైనా ఇంజెక్షన్ ఎలా రాస్తారు? మేడ మీది ట్యాంకులో నీళ్లు తగ్గితే కింద మోటారు తిరగాలి కదా. టెస్టోస్టెరాన్ నిజంగా తగ్గితే మెదడు కింద ఉండే పీయూష గ్రంథి కూడా అలాగే ఎల్‌హెచ్‌ను పెంచాలి. ఎల్‌హెచ్ బాగా పెరిగి ఉంటే లోపం వృషణాల్లో ఉన్నట్టు. చిన్నప్పటి గవదబిళ్లల వల్ల కావచ్చు, పుట్టుకతో వచ్చిన క్రోమోజోమ్ తేడా కావచ్చు. టెస్టోస్టెరాన్ తక్కువగా ఉన్నా ఎల్‌హెచ్ పెరగకుండా మామూలు హద్దుల్లోనే ఉంటే చాలామంది దాన్ని నార్మల్ అని చదివి పక్కన పెట్టేస్తారు. అది నార్మల్ కాదు నాయనా, గ్రంథి పలకడం లేదని అర్థం. అలాంటప్పుడు ప్రొలాక్టిన్ చూడాలి, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్ చూడాలి, తలనొప్పి గానీ పక్కచూపు తగ్గడం గానీ ఉంటే స్కాన్ కూడా తీయించాలి.

నా భయం ఎక్కడిదో చెబుతాను, శ్రద్ధగా చదువు. మా ల్యాబులో పనిచేసిన ఒకావిడ తమ్ముడు పోర్టులో ఉద్యోగి. చికున్‌గున్యా తగ్గి ఇంకా కీళ్లనొప్పులతో ఉండగానే, ఎవరో చెప్పారని ఒక చోట మధ్యాహ్నం పూట రక్తం ఇచ్చాడు. అంకె తక్కువ వచ్చింది. రెండోసారి పరీక్ష లేదు, ఎల్‌హెచ్ లేదు, పిల్లలు కావాలా అని అడిగినవారు లేరు. మూడు వారాలకొక ఇంజెక్షన్ రాశారు. అతనికి హుషారు వచ్చింది, కండ పట్టింది, మంచి మందు దొరికిందని అందరికీ చెప్పాడు. తరువాత పెళ్లయింది. ఏడాది గడిచినా పిల్లలు లేరు, రెండో ఏడూ గడిచింది. ఆ అమ్మాయిని ఎన్ని ఆసుపత్రులకు తిప్పారో, సింహాచలం అప్పన్నకు ఎన్ని మొక్కులు మొక్కించారో, అత్తగారింట్లో ఎన్ని మాటలన్నారో నాకు తెలుసు. అతన్ని పరీక్షించాలని మాత్రం ఎవరికీ తోచలేదు. చివరికి అక్క బలవంతం మీద వీర్య పరీక్షకు మా దగ్గరికి వచ్చాడు. స్లైడు నేనే చూశాను. ఒక్క కణం లేదు. నమూనాను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగినదాన్ని మరో స్లైడు మీద వేసి, మూల మూలా వెతికాను. అక్కడా లేదు. ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ దాదాపు సున్నాకు పడిపోయి ఉన్నాయి. బయటి నుంచి టెస్టోస్టెరాన్ వస్తుంటే పీయూష గ్రంథి ఇక అవసరం లేదనుకుని ఊరుకుంటుంది; దాని పిలుపు లేక వృషణాలు శుక్రకణాల తయారీ మానేస్తాయి. రక్తంలో హార్మోన్ నిండుగా కనిపిస్తూ ఉండగానే ఇది జరుగుతుంది. ఇంజెక్షన్లు ఆపి, ఎల్‌హెచ్‌లాగే పనిచేసే హెచ్‌సీజీ అనే మందుతో వైద్యం చేయించాక, ఏడాదికి పైగా ఎదురుచూస్తే గానీ కణాలు తిరిగి రాలేదు. తరువాత వాళ్లకు పాప పుట్టింది. కానీ మొదట అతనికి నిజంగా లోపం ఉందా లేక ఆ జ్వరం వల్ల అంకె పడిందా అన్నది ఈనాటికీ ఎవరూ చెప్పలేరు, ఆ అమ్మాయి పడ్డ మాటలను ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

అందుకే చెబుతున్నాను, పిల్లలు కావాలనుకునే మగవాడికి టెస్టోస్టెరాన్ మొదటి మందు కాదు. నీకు లోపం నిజమేనని తేలినా పిల్లలు పుట్టే అవకాశాన్ని కాపాడే వైద్యం వేరే ఉంటుంది, డాక్టరును సూటిగా అడుగు. లోపం నిజమై, పిల్లల ఆలోచన తీరిన తరువాత ఇంజెక్షన్ తీసుకునేవారు కూడా హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, చూపించుకుంటూ ఉండాలి. అది 54 శాతం దాటితే రక్తం చిక్కబడి గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కనుక మందు ఆపాలి.

నీ గురకకు పక్కగదిలో కూడా నిద్ర పట్టడం లేదని మీ అమ్మ ఎప్పటి నుంచో అంటోంది. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉంటే నీరసానికీ, హార్మోన్ తగ్గడానికీ అదే కారణం కావచ్చు. దాన్నీ చూపించు. బరువు తగ్గితే ఈ అంకె దానంతటదే పెరగడం నేను చాలామందిలో చూశాను. నిన్ను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఇంటి బాధ్యత మీద వేసుకుని నైట్ డ్యూటీలు అడిగి మరీ చేస్తున్నావని నాకు తెలుసు, నీకు ఏదైనా అయితే తట్టుకునే శక్తి నాకూ మీ అమ్మకూ లేదు.

ఇక్కడి కింగ్ జార్జ్ ఆసుపత్రిలో (కేజీహెచ్) హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. పరీక్షలు రెండూ అయ్యాక, సమయం వేసి ఉన్న పేజీతో సహా అన్ని పేజీలూ ఫోటో తీసి నాకు పంపు. ఓపీకి నీతో పాటు నేనూ వస్తాను, డాక్టరుతో నీవే మాట్లాడుదువుగాని, నేను బయట కూర్చుంటాను. ఆ ఇంజెక్షన్ ఇప్పటికే కొనేసి ఉంటే మాత్రం ఫ్రిజ్‌లో దాచకుండా రేపే షాపులో తిరిగి ఇచ్చేయి.

ఇట్లు,
పెద్దమ్మ
మహారాణిపేట, విశాఖపట్నం