పడమటి ఎండకు అద్దాలు పెడదామా, అప్పు పెంచుదామా?

ప్రశ్న: మాది ఆమదాలవలస. మావారు ప్రభుత్వ ఉపాధ్యాయులు. నెలకు 82,000 రూపాయలు చేతికి వస్తాయి. నేను ఇంట్లోనే మిషన్ కుట్టి నెలకు సుమారు 10,000 సంపాదిస్తాను. పడమర రోడ్డున్న ఐదు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నాం. కాంట్రాక్టర్ 1,500 చదరపు అడుగులకు 31.5 లక్షలు, ముందు వైపు అద్దాల ఎలివేషన్‌కు 3 లక్షలు, మొత్తం 34.5 లక్షలు అవుతుందన్నారు. తెలిసిన ఆర్కిటెక్ట్ ఒకరు అదే విస్తీర్ణానికి, అద్దాలు లేకుండా, 38 లక్షల అంచనా ఇచ్చారు. అందులో వరండాకు, ఇంటి మధ్య మండువాకు కలిపి 2.6 లక్షలు, పడమటి గోడకు నీడనిచ్చే జాలీ పనికి 1.4 లక్షలు, శ్లాబ్ మీద వేడిని ఆపే పొరలకు 1.1 లక్షలు, ఆయన ఫీజు 1.4 లక్షలు ఉన్నాయి. కరెంటు బిల్లులో ఇదంతా తిరిగి వస్తుందని ఆయన అంటున్నారు. ఆ డబ్బుతో మూడు గదులకూ ఏసీలు పెట్టుకుంటే సరిపోతుంది కదా అని మా మరిది అంటున్నారు. మా చేతిలో 10 లక్షలున్నాయి. బ్యాంకు 28 లక్షల వరకు, 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుతో ఇస్తామంది. ఏ దారి మేలు?

జవాబు: అమ్మా, మీ ముందు రెండు అంచనాలున్నాయి కాబట్టి రెంటిలో ఒకటి ఎంచుకోవాలని మీరు అనుకుంటున్నారు. నా లెక్క ప్రకారం రెండూ యథాతథంగా ఒప్పుకోదగినవి కావు. ఆర్కిటెక్ట్ చెప్పిన పనుల్లో కొన్ని మీ ఇంటికి అవసరం, ఒకటి అనవసరం. వాటికి కావలసిన డబ్బును బ్యాంకు నుంచి కాక, విస్తీర్ణం నుంచి తీయాలి.

ముందుగా ఒక కొలత మనసులో పెట్టుకోండి. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకున్న ప్రతి లక్షకూ నెలకు సుమారు 868 రూపాయల కిస్తీ పడుతుంది. రెండు అంచనాల మధ్య ఉన్న 3.5 లక్షల తేడాను అప్పుగా తెస్తే నెలకు దాదాపు 3,040 రూపాయలు అదనంగా కట్టాలి. ఇది తిరిగి రావాలంటే ఏడాది పొడవునా, వానాకాలంలోనూ శీతకాలంలోనూ కూడా, నెలకు సగటున అంత మొత్తం ఆదా కావాలి. అంత ఆదా కాదని ముందే చెబుతున్నాను. అందుకే ఒక్కొక్క పనినీ విడివిడిగా తూకం వేయాలి.

మూడు ఏసీలకు బదులు ఒకటే వాడితే ఎంత మిగులుతుందో చూద్దాం. ఒక ఏసీ రాత్రికి ఆరు యూనిట్లు వాడుతుందనుకుంటే, రెండు ఏసీలకు నెలకు 360 యూనిట్లు అవుతాయి. మీ ఇంటి మామూలు వాడకం 200 యూనిట్లు, మొదటి ఏసీ 180 యూనిట్లు పోగా, మిగిలిన ఈ 360 యూనిట్లూ దాదాపుగా నెలకు 400 యూనిట్లు దాటిన ధరల శ్రేణిలోనే పడతాయి; ఆ శ్రేణిలో యూనిట్ ధర 9.75 రూపాయలు. అంటే నెలకు సుమారు 3,500. ఏడాదిలో ఐదు నెలలు ఇలా వాడితే 17,500, నెలసరి సగటు 1,460 రూపాయలు. దీనికి ఏసీల ధర కూడా కలపాలి. ఒక్కొక్కటి 45,000 చొప్పున రెండు, పదేళ్లకోసారి మార్చుకుంటే 20 ఏళ్లలో 1.8 లక్షలు, అంటే నెలకు 750. మొత్తం 2,210 రూపాయలు. శ్లాబ్ మీది పొరలకూ పడమటి జాలీకీ కలిపి అయ్యే 2.5 లక్షల మీద కిస్తీ 2,170. చెల్లుకు చెల్లు అన్నమాట. లాభం రాకపోయినా నష్టం లేదు, పైగా మధ్యాహ్నం కరెంటు పోయినా ఇంట్లో కూర్చోగలిగే వీలు ఉంటుంది. అయితే ఇది మీరు నిజంగా ఆ రెండు ఏసీలనూ కొనకుండా ఉంటేనే నిలిచే లెక్క. పొరలూ వేయించి, జాలీ కట్టించి, గృహప్రవేశం నాటికి మూడు ఏసీలూ బిగిస్తే రెండు ఖర్చులూ మీద పడతాయి.

ఇక ఈ పనులు మీ స్థలానికే ఎందుకు ఇంత ముఖ్యమో చెప్పాలి. శ్రీకాకుళం ప్రాంతం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. మే మధ్య నుంచి జూలై చివరి వరకు మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన, కొద్దిగా ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. డిసెంబరులో దక్షిణాన 48 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. అందువల్ల వేసవి ఎండ భారమంతా మొదట శ్లాబ్ మీద, తరువాత తూర్పు పడమర గోడల మీద పడుతుంది. దక్షిణపు కిటికీని రెండడుగుల సన్‌షేడ్ చక్కగా కాపాడుతుంది కాని, సాయంత్రం నాలుగింటికి అడ్డంగా వచ్చే పడమటి ఎండను ఎంత పొడవు సన్‌షేడూ ఆపలేదు. దానికి నిలువుగా అడ్డం ఉండాలి: జాలీ గోడ గాని, గోడకు కాస్త ఎడంగా కానుగ లేదా వేప చెట్టు గాని. మీ రోడ్డు పడమర కనుక కాంట్రాక్టర్ గీసిన అద్దాల ముఖం సరిగ్గా ఆ ఎండకే ఎదురుగా నిలబడుతుంది. మూడు లక్షలు పెట్టి హాలును పొయ్యి చేసుకుని, దాన్ని చల్లార్చడానికి నెలనెలా బిల్లు కట్టడం ఏ లెక్కలోనూ నిలవదు. పైగా మనది తుఫానుల తీరం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఎలాంటి గాలిని తెచ్చాయో, ఆ తరువాత ఎన్నాళ్లు కరెంటు లేకుండా గడిపామో మీకు నేను గుర్తు చేయనక్కరలేదు.

జాలీ కంటే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. మెట్లు, స్నానాల గదులు, సామాను గది పడమటి వైపుకు మార్చమని ఆర్కిటెక్ట్‌ను అడగండి. అవి ఎండను తమ మీద వేసుకుని వెనకున్న పడక గదులను కాపాడతాయి. మెట్ల పైకప్పు గదికి ఎత్తులో లూవర్లు (గాలి పోయే ఏటవాలు పలకల సందులు) పెట్టిస్తే, ఇంట్లో పైకి చేరిన వేడి గాలి అక్కడి నుంచి బయటికి పోతుంది. ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా 1960ల తొలినాళ్లలో అహ్మదాబాద్‌లో ట్యూబ్ హౌస్ అనే తక్కువ ఖర్చు ఇంటిని ఈ సూత్రం మీదే కట్టారు: వాలు కప్పు కింద వేడి గాలి పైకి పాకి శిఖరం దగ్గర బయటపడుతుంది, కింది నుంచి కొత్త గాలి వస్తుంది. అహ్మదాబాద్‌ది పొడి వేడి, మనది ఉక్కపోత. కనుక ఆ ఇంటిని అచ్చంగా దింపుకోనక్కరలేదు, గాలి పోయే దారి మాత్రం తీసుకుంటే చాలు.

ఉక్కపోతలో ఒంటికి హాయినిచ్చేది కదిలే గాలి. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ల నిర్మాణ నియమావళి మన వంటి తేమ వేడి ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీల వైశాల్యం ఇంటి లోపలి నేలలో ఆరో వంతు ఉండాలంటుంది. మీ చిన్న స్థలానికి అది తప్పనిసరి కాదు గాని, కొలతగా వాడుకోవచ్చు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గదికి 20 చదరపు అడుగులు తెరుచుకోవాలి. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు: నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు ఉన్న కిటికీకి రెండు పలకల స్లైడింగ్ పెట్టిస్తే అందులో సగమే, అంటే ఎనిమిది చదరపు అడుగులే తెరుచుకుంటుంది. చూడడానికి కిటికీ పెద్దదే, గాలికి మాత్రం చిన్నది. బందులతో పూర్తిగా తెరుచుకునే తలుపుల కిటికీలనే అంచనాలో రాయించండి. ఎదురుబొదురు గోడలకు రెండుంటేనే ఫలితం.

మీ కుట్టు గది గురించి ఏ అంచనాలోనూ ఒక్క మాట లేదు. ఇంట్లో నెలకు పదివేలు తెచ్చే గది అదొక్కటే. దానికి ఉత్తరపు కిటికీ పక్కన చోటు ఇవ్వండి. ఉత్తరపు వెలుగు రోజంతా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది, గుడ్డ మీద నీడ కత్తెరకు అడ్డం రాదు, నల్ల బట్ట మీద నల్ల దారం పగటి వేళ లైటు వేయకుండానే కనిపిస్తుంది. ఎండాకాలంలో ఉదయం సాయంత్రం ఏటవాలు ఎండ ఆ వైపుకూ వస్తుంది కనుక కిటికీకి రెండు పక్కలా జానెడు నిలువు పలకలు చాలు. వరండా నుంచి నేరుగా ఆ గదిలోకి తలుపు ఉంటే కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు హాలు దాటి లోపలికి రానక్కరలేదు. అందుచేత వరండాను అలంకారంగా లెక్కించకండి.

మండువా దగ్గర మాత్రం ఆర్కిటెక్ట్ గారితో ఏకీభవించలేను. పెద్ద స్థలంలో అది అందమే, ఉపయోగమే. ఐదు సెంట్లలో, నాలుగు వైపులా ఖాళీ వదిలాక, మధ్యలో మళ్లీ ఆకాశానికి తెరిచిన చోటు ఉంచితే అది చాలా చిన్నదవుతుంది. అలాంటివి కట్టుకున్నవారు వాన జల్లు, దోమలు, కోతుల భయంతో ఒకటి రెండేళ్లలో పైన ఫైబర్ షీట్ వేయించడం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. షీట్ పడిన నాటి నుంచి అది వేడిని బంధించే పెట్టె అవుతుంది. మూసేయడం ఖాయమైతే కట్టకపోవడమే పొదుపు. వరండా ఒక్కదానికి లక్ష పెట్టుకుని, మిగిలిన 1.6 లక్షలు పక్కన పెట్టండి.

అసలు డబ్బు దొరికేది విస్తీర్ణంలో. రెండు ప్లాన్లలోనూ 120 చదరపు అడుగుల అతిథుల గది, దానికి తోడు 60 అడుగుల నడవా ఉన్నాయనుకుంటున్నాను. ఇంత విస్తీర్ణంలో సాధారణంగా ఉండేవే అవి. అడుగుకు 2,100 చొప్పున ఆ 180 అడుగుల విలువ 3.78 లక్షలు, అప్పు రూపంలో నెలకు సుమారు 3,280. సంక్రాంతికి, సిరిమాను పండుగకు వచ్చే చుట్టాల కోసం 20 ఏళ్ల పాటు నెలకు మూడువేల పైన కట్టడం నాకు సబబుగా తోచదు. పండుగ నాలుగు రోజులూ హాల్లో పరుపులు పరిస్తే ఎవరూ నొచ్చుకోరు. ఆర్కిటెక్ట్ ఫీజు దండగ అనేవారికి ఇదే జవాబు: ఆ 1.4 లక్షలు కరెంటు బిల్లులో తిరిగి రావు, గీతలో వృథా అడుగులు తీసేయడంలో వస్తాయి. ఆయన ఆ పని చేయకపోతే మాత్రం ఫీజు దండగే.

ఇప్పుడు మొత్తం చూడండి. 38 లక్షల్లో 3.78 విస్తీర్ణంలో, 1.6 మండువాలో తగ్గితే 32.62 లక్షలు. మీ పదింటిలో మూడు లక్షలు కదపకండి. నాలుగు నెలల ఇంటి ఖర్చూ కిస్తీలూ అందులోనే ఉన్నాయి. ఏడు లక్షలు మీవి, 27 లక్షలు బ్యాంకువి. నెలసరి కిస్తీ సుమారు 23,400, మీ ఇద్దరి రాబడిలో నాలుగో వంతు. చేతిలో మిగిలే 1.38 లక్షలు ఎక్కడికీ పోవు: అడుగు రేటులో ప్రహరీ, బోరు, సంపు, కరెంటు కనెక్షన్ కలిసి ఉన్నాయో లేదో అడిగి చూడండి, చాలాసార్లు ఉండవు.

ఐదేళ్లలోపు పైన అంతస్తు వేసే ఆలోచన ఉంటే, శ్లాబ్ మీద 1.1 లక్షల పొరలు వద్దు. అప్పటి వరకు తెల్లటి కూల్ పెయింట్ వేయించి, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయించుకుంటే చాలు. ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ బాండ్ గోడ కడితే ఇటుక నాలుగో వంతు తగ్గుతుందని ఎవరైనా చెప్పవచ్చు. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో దాన్ని విస్తారంగా వాడారు, మాట నిజమే. కాని చేతి అలవాటు లేని తాపీ మేస్త్రీకి అప్పగిస్తే ఇటుకలో మిగిలింది కూలిలో పోతుంది. ఆ పని చేసిన గోడ చూపించగల మేస్త్రీ దొరికితేనే ఒప్పుకోండి.

పన్ను ఆదా అవుతుంది కాబట్టి అప్పు పూర్తిగా తీసుకోమనే సలహా మీకు వర్తించదు. కొత్త పన్ను విధానంలో 12.75 లక్షల వరకు జీతానికి పన్నే పడదు, సొంతానికి ఉంటున్న ఇంటి వడ్డీకి అందులో మినహాయింపూ లేదు. వడ్డీ మారే రకం అప్పు తీసుకుంటే ముందుగా తీర్చినందుకు జరిమానా ఉండదు; మీవారి డీఏ బకాయిలు ఎప్పుడైనా వస్తే అసలుకే జమ వేయాలని ఇప్పుడే అనుకోండి. సోలార్ పలకలకు కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రాయితీ ఉంది గాని, ఒక వేసవి గడిచి నిజమైన బిల్లు చూశాక ఆ నిర్ణయం తీసుకోండి.

అప్పుతో పాటు ఒకేసారి ప్రీమియం కట్టించుకునే బీమాను బ్యాంకు అంటగట్టబోతే వద్దనండి, అది తప్పనిసరి కాదు. దాని బదులు మీవారి పేర అప్పుకు తగ్గని మొత్తానికి విడిగా టర్మ్ జీవిత బీమా పాలసీ తీసుకోండి. ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ తీసుకుంటే తుఫాను, వరద నష్టాలకు రక్షణ ఉంటుంది. కాంట్రాక్టర్‌కు డబ్బు పునాది, లింటల్, శ్లాబ్ దశల వారీగానే ఇస్తామని, ప్రతి దశనూ ఆర్కిటెక్ట్ చూసి సరేనన్నాకే చెల్లిస్తామని ఒప్పందంలో రాయించండి. తగ్గించిన ప్లాన్‌కు ఇద్దరి దగ్గరా కొత్త అంచనా కాగితం మీద తీసుకుని, ఆ తరువాతే బ్యాంకులో సంతకం పెట్టండి.