వయోలా వాయించే కుర్చీలోంచి చూస్తే నా వరుస

మీ ప్రశ్న ఇది: పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో అందరికంటే గొప్ప స్వరకర్తలెవరు, వరుస పెట్టమంటే ఎవరిని ఎక్కడ పెడతారు, ఏదైనా వాద్యం వాయించేవాళ్ళు చెప్తే బాగుంటుంది అని.

నా వరుస ముందే చెప్పేస్తాను. బాఖ్, మొజార్ట్, బీథోవెన్, హైడన్, షూబర్ట్, బ్రామ్స్, బార్టోక్. ఏడు దాటాక నాకు ఇష్టాలున్నాయి కానీ వరుస లేదు.

ఈ వరుస ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి, లేకపోతే ఏడు పేర్లతో మీకు ఉపయోగం లేదు. నేను వయోలా వాయిస్తాను. వృత్తిగా కాదు, పదిహేడేళ్ళుగా ఆఫీసు పని అయ్యాక, వారానికి రెండు సాయంత్రాలు. వయోలా చూడటానికి వయొలిన్‌లాగే ఉంటుంది, కాస్త పెద్దది, శ్రుతి ఒక పంచమం కింద. పైన పాట వయొలిన్‌ది, కింద ఆధారం చెల్లోది, ఆ రెండిటి మధ్యా మేము. కచేరీ విని ఇంటికెళ్ళేవాళ్ళలో వయోలా ఏం వాయించిందో చెప్పగలిగేవాళ్ళు చాలా తక్కువ.

వాయించడం మొదలుపెట్టకముందు, పద్దెనిమిదేళ్ళ వయసులో, నోట్‌బుక్ చివరి పేజీలో ఒక వరుస రాసుకున్నాను. చైకోవ్‌స్కీ, బీథోవెన్, వివాల్డి, షోపాన్, మొజార్ట్. బాఖ్ ఎనిమిదో స్థానంలో ఉన్నాడు. హైడన్ అసలు లేడు. అప్పటి కొలమానం ఒకటే: విన్న తర్వాత ఎంతసేపు నోట్లో ఆడుతూ ఉంటుంది అని. అది చెడ్డ కొలమానమని ఇప్పటికీ అనను. కానీ దానితో కొలిస్తే పై గొంతు మాత్రమే లెక్కలోకి వస్తుంది. మంచి పాట కట్టి పై గొంతుకివ్వడం చాలామందికి వచ్చు. మధ్య గొంతుకి ఏమిచ్చారన్నది చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పాట ముందు, ఆధారం తర్వాత రాసేసి, మిగిలిన స్వరాలను మధ్యలో సర్దేసేవాళ్ళున్నారు. అన్ని గొంతులూ ఒకేసారి వినిపిస్తే తప్ప కలం ఎత్తని వాళ్ళున్నారు. మా కుర్చీలో కూర్చుంటే ఈ తేడా మొదటి రిహార్సల్‌లోనే వేళ్ళకి తెలిసిపోతుంది.

మా ఆర్కెస్ట్రాలో చేరిన రెండో ఏడాది బాఖ్ బ్రాండెన్‌బర్గ్ కాన్సెర్టోల్లో (వాద్యబృందం కోసం రాసిన రచనలు) ఆరోది ఎత్తుకున్నాం. 1721లో బ్రాండెన్‌బర్గ్ ప్రభువుకి (మార్‌గ్రేవ్) అంకితమిచ్చిన ఆరింటిలో అది చివరిది. అందులో వయొలిన్లు లేనే లేవు. ముందు రెండు వయోలాలు, వాటి పక్కన రెండు గాంబాలు (కాళ్ళ మధ్య పట్టుకుని వాయించే పాత తంత్రీవాద్యాలు), ఒక చెల్లో, అన్నిటికంటే కింద వియోలోనె అనే పెద్ద తంత్రీవాద్యం, పియానోకి ముందు కాలపు హార్ప్సికార్డ్. మొదటి మూవ్‌మెంట్‌లో, అంటే రచన మొదటి భాగంలో, రెండు వయోలాలదీ ఒకే పాట, కాకపోతే రెండోది రెప్పపాటు వెనకగా బయల్దేరుతుంది. నాది ఆ రెండోది. రెండు వారాల పాటు నేను పక్కవాళ్ళ స్వరంలోకి జారిపోతూనే ఉన్నాను. పక్కన వాయించే ఆవిడ ఓపిగ్గా, "నా వేళ్ళు చూడకండి, కింద చెల్లోని వినండి" అన్నారు. మూడో వారం కుదిరింది. ఆ రోజు ఇంటికి వెళ్ళాక నోట్‌బుక్ తీసి బాఖ్ పేరు కొట్టేసి పైన రాశాను. అప్పటినుంచి మళ్ళీ దించలేదు.

ఆ తర్వాత నాకొక అలవాటైంది. ఏ రచన వాయించినా ఇంట్లో నా పార్ట్ ఒక్కటే, మిగతావాళ్ళు లేకుండా, మొదటినుంచి చివరిదాకా వాయిస్తాను. వినదగ్గ పాటలా నిలబడుతుందా లేదా అని. వియన్నా వాల్ట్జులైతే పేజీల తరబడి రెండో దెబ్బ, మూడో దెబ్బ తప్ప నాకేమీ ఉండదు. వినేవాళ్ళకి అవెంత ఆనందమో నాకు తెలుసు, కానీ ఆ పేజీల్లో నేను తాళం వేస్తున్నానంతే. బాఖ్ దగ్గర, చివరికి చర్చిలో అందరూ పాడే చిన్న నాలుగు గొంతుల కోరల్‌లో కూడా, మధ్య గొంతుకి ఎక్కడం, దిగడం, ఒక చోట ఆగి బాధపడటం అన్నీ ఉంటాయి. ఆయన స్వయంగా బృందంలో వాయించేటప్పుడు వయోలా తీసుకోవడానికే ఇష్టపడేవాడని కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ రాశాడు. చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఇక్కడొక మాట. ఏ కాలం వరుసలు ఆ కాలానివే. 1722లో లైప్‌జిగ్ నగర పాలకులకు సంగీత నిర్వాహకుడు కావలసి వచ్చినప్పుడు వాళ్ళు ముందు కోరుకున్నది టెలిమాన్‌ని. ఆయన రాలేదు. తర్వాత గ్రౌప్నర్‌ని అడిగారు, ఆయన యజమాని వదల్లేదు. ఆ తర్వాతే బాఖ్. ఆయన పోయాక ఎంతోకాలం మూలపడి ఉన్న సెయింట్ మాథ్యూ ప్యాషన్‌ని (క్రీస్తు శిలువ కథకి ఆయన కట్టిన సంగీతం) 1829లో బెర్లిన్‌లో మళ్ళీ జనం ముందుకి తెచ్చింది మెండెల్సన్, అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్ళు. కాబట్టి నా వరుస కూడా ఈ కాలపు మనిషిది, అందులోనూ ఒక కుర్చీలో కూర్చున్న మనిషిది అని గుర్తుంచుకుని చదవండి.

అన్నట్టు, వయోలా వాయించింది బాఖ్ ఒక్కడే కాదు. 1784లో వియన్నాలో ఒక ఇంట్లో హైడన్, డిటర్స్‌డార్ఫ్, వాన్‌హాల్, మొజార్ట్ కలిసి క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో) వాయించినప్పుడు మొజార్ట్ చేతిలో ఉన్నది వయోలా. బీథోవెన్ కుర్రవాడిగా బాన్‌లో ఆస్థాన ఆర్కెస్ట్రాలో వయోలా వాయించాడు. షూబర్ట్ ఇంట్లో అన్నలిద్దరూ వయొలిన్లు, తండ్రి చెల్లో, అతను వయోలా. డ్వోర్జాక్ ప్రాగ్‌లో థియేటర్ ఆర్కెస్ట్రాలో తొమ్మిదేళ్ళు ఇదే వాద్యంతో బతికాడు. ఇది కేవలం కాకతాళీయం అనుకోను. సంగీతం ఎలా కట్టారో లోపలినుంచి వినాలనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి చోటు లేదు.

రెండు, మూడు స్థానాల దగ్గరే నాకు అసలు తంటా. మొజార్టా, బీథోవెనా?

బీథోవెన్ నాకు పెట్టిన పరీక్ష ముందు చెప్తాను. 1806లో రాసిన రజుమోవ్‌స్కీ క్వార్టెట్లలో మూడోదాని చివరి మూవ్‌మెంట్ ఫ్యూగ్‌లా, అంటే ఒకే పాటని ఒకరి తర్వాత ఒకరు అందుకునే తీరులో, మొదలవుతుంది. మొదలుపెట్టేది వయోలా. ఒంటరిగా, పిచ్చి వేగంతో, పది బార్లు (తాళపు ఆవర్తాలు). మిగతా ముగ్గురూ కమానులు ఎత్తిపట్టుకుని నా వైపు చూస్తుంటారు. నేను ఏ వేగంలో మొదలుపెడితే అందరూ అదే వేగంలో చచ్చినట్టు నడవాలి. రెండో వయొలిన్ వస్తుంది, తర్వాత చెల్లో, అందరికంటే చివర మొదటి వయొలిన్. మొదటిసారి కొద్దిమంది ముందు వాయించినప్పుడు టెన్షన్‌తో వేగంగా ఎత్తుకున్నాను. చివరి పేజీకి వచ్చేసరికి నలుగురి చేతులూ పడిపోయాయి. కానీ ఎవరూ ఆపలేదు, ఆపడానికి వీల్లేదు కూడా. బీథోవెన్ దగ్గర ప్రతి స్వరమూ ఎవరితోనో పోరాడి తెచ్చుకున్నట్టు ఉంటుంది. ఆయన చిత్తు పుస్తకాలు చూస్తే అది నిజమే. ఒక్కో పాటని ఎన్నిసార్లు మార్చి రాసుకున్నాడో అందులో కనబడుతుంది. వినికిడి పోతోందని 1802లో హైలిగెన్‌స్టాట్‌లో అన్నదమ్ములకి రాసిన ఉత్తరం తర్వాత పాతికేళ్ళు బతికి, చివర్లో ఆ ఆఖరి క్వార్టెట్లు రాశాడు. ఏడు మూవ్‌మెంట్లు ఎక్కడా ఆగకుండా సాగే సి షార్ప్ మైనర్ క్వార్టెట్ ఒక్కటి చాలు, ఎవరినైనా మొదటి స్థానంలో పెట్టడానికి.

మరి మొజార్ట్ ఎందుకు ముందు? 1787లో రాసిన జి మైనర్ క్వింటెట్ (ఐదు వాద్యాల రచన) వల్ల. అందులో రెండు వయోలాలు. మూడో మూవ్‌మెంట్‌లో ఐదుగురం మ్యూట్‌లు (ధ్వని తగ్గించే చిన్న బిళ్ళలు) పెట్టుకుని వాయిస్తాం. గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఒక వయొలిన్ ఏదో అడుగుతుంది, నేను రెండు స్వరాల్లో జవాబు చెప్తాను, ఆ రెండు స్వరాలతో ఆ మాట అర్థమే మారిపోతుంది. బీథోవెన్ దగ్గర నలుగురమూ కలిసి ఒకే పెద్ద మనసు. మొజార్ట్ దగ్గర ఐదుగురు వేరువేరు మనుషులు, ఎవరి మనసు వాళ్ళది. ఫిగారో ఒపెరాలో రెండో అంకం ముగింపు వినండి: ఇద్దరితో మొదలై, మనుషులు చేరుతూ చివరికి ఏడుగురవుతారు, ఇరవై నిమిషాల పాటు, ఏ ఒక్కరూ గుంపులో కలిసిపోరు. మనుషుల్ని ఇలా విడివిడిగా వినగలగడం నాకు బీథోవెన్ శక్తి కంటే ఒక మెట్టు పైన అనిపిస్తుంది. ఒక మెట్టే. ఒక్కో ఏడాది ఆ రెండు పేర్లూ అటూఇటూ అవుతాయి.

హైడన్ని నాలుగులో పెట్టినందుకు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. 2011లో న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు ఆంథనీ టొమాసినీ వేసిన పదిమంది జాబితాలో హైడన్‌కి చోటే లేదు. చదివిన రోజు చాలా బాధేసింది. 1772లో హైడన్ రాసిన ఓపస్ 20 క్వార్టెట్లు ఆరూ తీసుకోండి. అప్పటిదాకా మొదటి వయొలిన్ పాడితే మిగతావాళ్ళు తోడుండటమే ఎక్కువ. ఈ ఆరింటిలో నాలుగు వాద్యాలూ సమానంగా మాట్లాడటం మొదలుపెడతాయి. మూడింటి ముగింపులు ఫ్యూగ్‌లు. మొజార్ట్ ఈ దారి చూసే తన ఆరు క్వార్టెట్లు కష్టపడి రాసి హైడన్‌కి అంకితమిచ్చాడు. 1785లో వాటిలో కొన్నిటిని విన్న హైడన్, మొజార్ట్ తండ్రితో, నాకు తెలిసిన స్వరకర్తలందరిలో మీ అబ్బాయే గొప్పవాడని చెప్పాడు. యూరప్ అంతా పేరున్న యాభై రెండేళ్ళ మనిషి, ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి తనకంటే పైన పెట్టాడు. ఆ ఒక్క మాట కోసమే నేను ఆయన్ని మొజార్ట్ పైన పెట్టడం లేదు. ఆయన వేసిన వరుసకి నేను ఎదురు చెప్పలేను. మా క్వార్టెట్ ఏ సాయంత్రమైనా హైడన్‌తోనే మొదలవుతుంది. అరవై ఎనిమిదింటిలో ఇప్పటికి నలభై దాకా అయ్యాయి. ఒక్కదాంట్లో కూడా నాకు విసుగు రాలేదు.

బ్రామ్స్ గురించి క్లుప్తంగా: ఆయన మూడో క్వార్టెట్‌లో ఒక మూవ్‌మెంట్ అంతా మిగతా ముగ్గురికీ మ్యూట్‌లు పెట్టించి పాట వయోలా చేతికిచ్చాడు. అందుకే కాదు ఆరో స్థానం. మొదటి సింఫనీని ఏళ్ళ తరబడి దాచుకుని దిద్దుకుని నలభై మూడేళ్ళ వయసులో బయటపెట్టిన నిజాయితీకి. బార్టోక్ ఆరో క్వార్టెట్ ఒంటరి వయోలాతో మొదలవుతుంది; 1939లో, ఇల్లూ దేశమూ వదిలి వెళ్ళే ముందు రాసింది. ఆ మొదటి వాక్యం వాయించాక మిగతావాళ్ళు అందుకునేలోపు గదిలో ఉండే నిశ్శబ్దం నాకు మరెవరి దగ్గరా దొరకలేదు.

నా కుర్చీకి కనపడనివి చాలా ఉన్నాయి. షోపాన్ దాదాపు అంతా పియానోకే రాశాడు, ఆయన్ని నేను వినేవాడిగానే ఎరుగుదును. వాగ్నర్, వెర్డి ఒపెరాలు పిట్‌లో (వేదిక ముందు ఆర్కెస్ట్రా కూర్చునే గుంట) కూర్చుని వాయించినవాళ్ళు చెప్పాలి. డెబుస్సీ, స్ట్రావిన్‌స్కీ వినే తీరునే మార్చేశారు, వాళ్ళని గొంతుల లెక్కతో కొలవడం అన్యాయం. ఇంకొకటి: ఫానీ మెండెల్సన్ పాటలు కొన్ని తమ్ముడు ఫెలిక్స్ పేరుతో అచ్చయ్యాయి. 1834లో ఆమె రాసిన క్వార్టెట్ మేము వాయించాం. ఆమెకి తమ్ముడికి దొరికినన్ని అవకాశాలు దొరికుంటే ఈ వరుసలో ఎవరు ఎక్కడుండేవారో అని ఆ రోజంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

షూబర్ట్‌ని చివరికి ఉంచాను. ముప్పై ఒక్క ఏళ్ళకే పోయాడు. చివరి నెలల్లో, 1828లో, రెండు చెల్లోలతో ఒక క్వింటెట్ రాశాడు. అది అచ్చయ్యింది 1853లో. దాని రెండో మూవ్‌మెంట్‌లో జరిగేది ఇది: పైన మొదటి వయొలిన్ చిన్నచిన్న ముక్కలు పలుకుతుంది, కింద రెండో చెల్లో తీగ మీటుతుంది, మధ్యలో ముగ్గురం పొడుగు స్వరాలు పట్టుకుని చాలా మెల్లగా కదులుతాం. అక్కడ పాట పైన లేదు, మధ్యలోనే ఉంది. మా చెల్లో ఆయన ఊరు మారిపోయే ముందు చివరి సాయంత్రం ఏం వాయిద్దామంటే అదే అడిగారు. ఇంకో చెల్లోని పిలిపించుకున్నాం. ఆ స్వరాలు ఎంత పొడుగంటే కమాను చాలదు. సగం దాకా వచ్చేసరికే కొసకి చేరిపోతాను. పక్కనుంచి ఆయన మెల్లగా, "మనిద్దరం ఒకేసారి కమాను తిప్పొద్దు, మీరు తిప్పాక నేను తిప్పుతాను" అన్నారు. అలాగే వాయించాం. ఎక్కడా తెగినట్టు వినపడలేదు. ఆయన పెన్సిల్‌తో పెట్టిన గుర్తులు ఇప్పటికీ నా పార్ట్‌లో ఉన్నాయి. వాటిని చెరపలేదు.